బొటనవేలి సిరా

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద, వేలిముద్ర వేసొచ్చిన అన్న బొటనవేలి సిరాను తలకు రాసుకోబోతుంటే తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపి, తన రుమాలుతో తుడుస్తాడు. అక్కడ నాకు చదవడం ఆగిపోయింది. రెండెకరాలూ రాయించుకున్నవాడు ఆ వేలిని అంత ముద్దుగా తుడిచాడు. కథ అక్కడే అయిపోయింది. నువ్వేమో కింద ఇంకో వాక్యం రాశావు: ‘పాపం, ఆ చెయ్యే తన గొంతు కోసిందని ఆ అమాయకుడికి తెలియదు.’ అది చూసి ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాఠకుడికి తెలిసింది, అన్నకి తెలియలేదు. వ్యంగ్యం ఉండేది ఆ మధ్య జాగాలోనే. అక్కడ నువ్వొచ్చి కూర్చుంటే ఎలా?

1846లో అచ్చయిన అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో కథ ‘ది కాస్క్ ఆఫ్ అమాంటిల్లాడో’ చదువు. ఇటలీలో కార్నివాల్ రోజులు. మంచి వైన్ పీపా ఉందని ఆశపెట్టి ఒకడు తన స్నేహితుణ్ణి నేలమాళిగలోకి తీసుకెళ్లి, బతికుండగానే గోడ కట్టేస్తాడు. దారిలో వాడు దగ్గుతుంటే, ‘నీ ఆరోగ్యం ముఖ్యం, వెనక్కి పోదాం’ అంటాడు. వాడు ‘దగ్గుతో చావనులే’ అంటే ‘నిజమే, నిజమే’ అంటాడు. చావబోయేవాడి పేరు ఫార్చునాటో, అంటే అదృష్టవంతుడు. కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఆ ‘నిజమే’ దగ్గర ఆపి ఊరుకునేవాణ్ణి. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు ‘అయ్యో’ అనేవారు. ఇక నేను చెప్పడానికేమీ ఉండేది కాదు.

అంత పగ దేనికో కూడా పో విప్పి చెప్పడు. అవమానించాడంటాడు, అంతే. నువ్వు మాత్రం తమ్ముడి అప్పులు, భార్య పోరు, మునిగిన చిట్టీ అంటూ రెండు పేజీలు నింపావు. కొట్టెయ్.

నా మొదటి కథను ఒక వారపత్రిక ‘కొసమెరుపు లేదు’ అని తిప్పి పంపింది. ఆ కొసమెరుపు పిచ్చి ఎన్ని మంచి కథల్ని చంపిందో! రెండో కథ మా నాన్న గురించి. స్నేహితుడి అప్పుకు ఆయన హామీ సంతకం పెట్టారు. ఊరొదిలి పారిపోయే ముందు రాత్రి ఆ స్నేహితుడు మా ఇంట్లోనే భోంచేశాడు. అమ్మ రెండోసారి పెరుగు వెయ్యబోతే, ‘చాలమ్మా, పిల్లలకు ఉంచు’ అన్నాడు. నెల తిరక్కుండా బ్యాంకు నోటీసు వచ్చింది. ఆ పెరుగు మాటతోనే కథ ఆపాను. ఎడిటరు దాని కింద ‘విధి ఎంత విచిత్రం!’ అని తగిలించి అచ్చేశాడు. నలభై ఏళ్లయినా ఆ పేజీ తెరవబుద్ధి కాదు.

‘నమ్మకద్రోహం’ అన్న పేరు కూడా తీసెయ్. మొదటి వాక్యానికి ముందే తమ్ముణ్ణి పట్టించేస్తోంది. కథను పోటీలకు పంపే సంగతి తర్వాత చూద్దాం.

అన్నట్టు, ఆ రుమాలు ఏ రంగో రాయలేదు. తెల్లదైతే మరక కనిపిస్తుంది. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకునే దగ్గర ఆపి, మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు