ఏ గ్రూపు అన్నది రెండో ప్రశ్న

ప్రశ్న: మాది పొందూరు దగ్గర పల్లె. చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసయింది. తెలుగులో 94, సోషల్‌లో 93, ఇంగ్లీషులో 88 వచ్చాయి గాని లెక్కల్లో 71 మాత్రమే వచ్చాయి. విశాఖపట్నంలో చేర్పించి ఎంపీసీ చదివించమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ఆయన కొడుకు బీటెక్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 'లెక్కల గ్రూపు ఒగ్గేస్తే ఇంకేటి సేస్తాది?' అన్నది ఇంట్లో అందరి మాట. అమ్మాయి మాత్రం ఎంఈసీ (లెక్కలు, అర్థశాస్త్రం, కామర్సు) అంటోంది. ఆరో తరగతి నుంచి కొట్టు ఖాతా పుస్తకం తనే రాస్తోంది, అది వేరే సంగతి. ఈలోగా వేలిముద్రలు తీసి పిల్లల తెలివి ఏ రంగంలో ఉందో చెబుతామని ఒకరు వచ్చారు. అందుకు ఆరు వేలు అడుగుతున్నారు. చేయించమంటారా? ఎంఈసీలో చేరితే దారులు మూసుకుపోతాయా?
— ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 'అది వేరే సంగతి' అని మీరు దాటేసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. పదకొండేళ్ల వయసు నుంచి ఒక పిల్ల, బడి నుంచి వచ్చి, ఐదేళ్లపాటు ఒక పనిని విడవకుండా చేస్తోందంటే అది వేరే సంగతి కాదు, మీరు అడిగిన ప్రశ్నకు సగం జవాబు అదే. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్లలో, ముందు గ్రూపు నిర్ణయించి తరువాత పిల్లను దానికి సరిపెట్టిన ఇళ్లనే నేను ఎక్కువగా చూశాను. పిల్లకు ఏ పని పట్టుబడుతుందో ముందు చూసి, గ్రూపు సంగతి ఆ తరువాత ఆలోచించిన తల్లిదండ్రులు చాలా తక్కువ.

కాబట్టి ఒక రాత్రి కొట్టు కట్టేశాక ఆ ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని అమ్మాయితో తీరిగ్గా కూర్చోండి. అందులో తనకు ఏది నచ్చుతుందో అడగండి. రోజు మొత్తం కూడినప్పుడు గల్లాపెట్టెలోని డబ్బూ పుస్తకంలోని అంకే రూపాయి తేడా లేకుండా కలిసినప్పుడు ఆమెకు తృప్తిగా ఉంటుందా? లేక ఎవరు కోతలయ్యాక ఇస్తారు, ఎవరికి ఇంక అరువు ఇవ్వకూడదు, ఎవరిని ఎలా అడిగితే నొచ్చుకోకుండా బాకీ తీరుస్తారు అన్నది ఆమెకు బాగా తెలుసా? లేక ఏ సరుకు కదలడం లేదో, పండుగకు ముందు ఏది ఎంత తెప్పించాలో మీకంటే ముందుగా ఆమే చెబుతుందా? ఈ మూడూ ఒకే పుస్తకంలో ఉన్నా మూడు వేర్వేరు బలాలు. మొదటిది ఉన్న పిల్లకు అకౌంట్లు, ఆడిట్ వంటి పనులు నప్పుతాయి. రెండోది మనుషులను చదవగల నేర్పు గనుక న్యాయవాద వృత్తిలోనూ, బ్యాంకుల రుణ విభాగాల్లోనూ దానికి విలువ ఉంటుంది. మూడోది అర్థశాస్త్రానికీ, గణాంక శాస్త్రానికీ, వ్యాపార నిర్వహణకూ దగ్గరగా ఉంటుంది.

ఇక లెక్కల్లో వచ్చిన 71 గురించి. ఆ అంకె ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. ప్రీ-ఫైనల్ జవాబు పత్రాలు బడిలో దొరికితే తెప్పించి, మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. త్రికోణమితిలోనూ, సరూప త్రిభుజాల నిరూపణల్లోనూ పోయి, శ్రేఢులూ, సాంఖ్యక శాస్త్రమూ, సంభావ్యతా పదిలంగా ఉన్నాయా? లేక జవాబులు సరిగానే వచ్చి, మెట్లు రాయకపోవడం వల్ల పోయాయా? రెండోదే అయితే ఆ 71 ఆమె శక్తికి కొలత కాదు. ఈ పరిశీలన ఎందుకు అవసరమంటే, ఎంఈసీలో చేరితే లెక్కల బాధ తప్పుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎంపీసీ పిల్లలు చదివే లెక్కలనే ఎంఈసీ పిల్లలూ చదవాలి. లెక్కలు తప్పించుకోవడానికే మీ అమ్మాయి ఆ గ్రూపు అడుగుతోందేమో కనుక్కోండి. అలాగైతే ఆమెకు కావలసింది లెక్కలు లేని సీఈసీ (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, కామర్సు), కాని అప్పుడు గణాంక శాస్త్రం వంటి దారులు వదులుకోవలసి వస్తుంది.

దారుల మాట సూటిగా చెబుతాను. ఎంఈసీ చదివితే ఇంజనీరింగు, వైద్యం, వ్యవసాయ డిగ్రీలు ఉండవు. బీకాం, బీబీఏ, అర్థశాస్త్రం, గణాంక శాస్త్రం, సివిల్ సర్వీసులు, బ్యాంకు పరీక్షలు అన్నీ తెరిచే ఉంటాయి. అయిదేళ్ల న్యాయశాస్త్ర కోర్సుకు ఏ గ్రూపు వారైనా క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయవచ్చు, మనకు దగ్గరలో సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. చార్టర్డ్ అకౌంటెన్సీకి కూడా ఇంటర్ పూర్తయ్యాక ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. అందులో అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణిత సామర్థ్యం, వ్యాపార అర్థశాస్త్రం అని నాలుగు పేపర్లు ఉంటాయి. ఒక్కో పేపరులో కనీసం 40 శాతమూ, మొత్తం మీద 50 శాతమూ రావాలి. తరువాత సీఏలోనే ఇంటర్మీడియట్ అనే స్థాయి, రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పనిచేస్తూ పొందే శిక్షణ), ఆపైన ఫైనల్ ఉంటాయి. శ్రీకాకుళంలో బీకాం చదువుకుంటూ కూడా ఇది సాగించవచ్చు. అయితే రాసినవారిలో చాలామంది ఒక్కసారికే గట్టెక్కరు. రెండు మూడు సార్లు తప్పినా మళ్లీ పుస్తకం తీసే ఓపిక ఉన్న పిల్లలకే నేను సీఏ చదవమని చెబుతాను. మీ బావమరిది గారికి ఒక మాట చెప్పండి: ఎంపీసీ చదివినా తరువాత సీఏలోకి రావచ్చు గనుక ఆయన సలహా దారులు మూసేది కాదు. కాని భౌతిక, రసాయన శాస్త్రాలు రెండేళ్లు ఇష్టం లేకుండా మోయడం, అదీ ఇల్లు వదిలి హాస్టల్లో ఉండి మోయడం, చిన్న భారం కాదు.

వేలిముద్రల పరీక్షకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. వేలి మీది గీతలు తల్లి గర్భంలో ఉండగానే ఏర్పడతాయి. వాటికీ చదువులో తెలివికీ సంబంధం ఉందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. మీ పొందూరులో సన్నఖాదీ కోసం వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి నూలు వడికే పెద్దమ్మలను అడగండి. ఒక పిల్ల చేతికి ఆ పని నప్పుతుందో లేదో రాట్నం ముందు కూర్చోబెట్టి చూసి చెబుతారు.

మీరూ అలాగే చూడవచ్చు. జూన్‌లో కాలేజీలు తెరిచేలోగా మూడు నాలుగు వారాలు ఉన్నాయి. ఒక వారం, శ్రీకాకుళంలో మీకు తెలిసిన ఆడిటరో, జీఎస్టీ లెక్కలు చూసేవారో ఉంటే వారి ఆఫీసులో రోజుకు రెండు మూడు గంటలు కూర్చోనివ్వండి. బిల్లులు వరుసగా పేర్చడం, పద్దు రాయడం, తేడా ఎక్కడొచ్చిందో వెతకడం వంటి విసుగు పుట్టించే పనే ఆమెకు కనబడాలి, ఎందుకంటే ఆ వృత్తిలో రోజులో ఎక్కువ భాగం అదే. ఇంకో పది రోజులు ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం తెచ్చి, రోజుకొక గంట, మొదటి అధ్యాయం చేయనివ్వండి. జవాబు వచ్చిందా రాలేదా అని చూడకండి. రాని లెక్క దగ్గరికి మర్నాడు తనంతట తాను తిరిగి వెళ్లిందా లేదా అన్నదే చూడండి. వెళితే ఎంఈసీలో నిశ్చింతగా చేర్చండి. చేర్చే ముందు ఆ కాలేజీలో ఎంఈసీ తరగతి నిజంగా నడుస్తోందా, అర్థశాస్త్రానికీ కామర్సుకూ లెక్చరర్లు ఉన్నారా అని స్వయంగా వెళ్లి కనుక్కోండి. మన జిల్లాల్లో ఈ గ్రూపు బోర్డు మీద ఉండి తరగతి గదిలో లేకపోవడం నేను చూశాను.

ప్రశ్న: మాది విజయనగరం. ఈ ఏడాది బైపీసీతో ఇంటర్ పూర్తి చేశాను. నీట్ కీ చూసుకుంటే 720కి 265 వస్తాయి, అందులో 210 జీవశాస్త్రం నుంచే. నాన్నగారు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు డబ్బు సిద్ధం చేశారు. నేను ఫిజిక్స్ పుస్తకం తెరవలేకపోతున్నాను. సెలవుల్లో పార్వతీపురం దగ్గర తాతగారి జీడితోటకు వెళ్లి, చెట్లకు పట్టే పురుగుల ఫొటోలు తీసి నోట్సు రాసుకోవడం నాకు ఇష్టం. ఈఏపీసెట్ వ్యవసాయ విభాగం రాశాను. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతానంటే 'డాక్టరు కాలేక వెళ్లాడు' అంటారేమోనని భయంగా ఉంది.
— ఒక విద్యార్థి

జవాబు: బాబూ, నీ నోట్సులో ఏముందో చూడాలని ఉంది. చిగుళ్ల మీదా పూత మీదా గుచ్చి రసం పీల్చి మాడ్చేసే టీ దోమ గురించి రాశావా, కాండాన్నీ వేళ్లనూ తొలిచే పురుగు గురించి రాశావా? ఫొటో కింద తేదీ, చెట్టు వయసు, ఆ వారం వాన పడిందా లేదా అన్నవి కూడా రాసి ఉంటే, నువ్వు తోటను ప్రేమించడం దగ్గరే ఆగకుండా కీటక శాస్త్రం మొదలుపెట్టేశావని నేనంటాను. తోటలో తిరగడం ఇష్టపడే పిల్లలు చాలామంది ఉంటారు గాని, చూసినదాన్ని వరుసగా రాసుకునేవారు కొద్దిమందే. బీఎస్సీ అగ్రికల్చర్‌లో మట్టి, పురుగులు, తెగుళ్లు, వ్యవసాయ అర్థశాస్త్రం, గణాంకాలు అన్నీ నాలుగేళ్లు చదవాలి. చివరి ఏడాదిలో కొన్నాళ్లు పల్లెల్లో ఉండి రైతులతో కలిసి పనిచేయాలి.

లాంగ్ టర్మ్ గురించి నా అభిప్రాయం దాచను. సిలబస్ పూర్తికాక, జ్వరం వచ్చి, లేక కొద్ది మార్కుల తేడాతో సీటు పోయినవారికి ఇంకో ఏడాది ఉపయోగపడుతుంది. నీకు భౌతిక, రసాయన శాస్త్రాలు రెండింటిలో కలిపి 360కి 55 వచ్చాయి, పైగా పుస్తకం తెరవడమే కష్టంగా ఉందంటున్నావు. ఆ స్థితిలో హాస్టల్ గదిలో గడిపే ఏడాది నీకు మార్కులకంటే దిగులే ఎక్కువ ఇస్తుందని భయపడుతున్నాను. అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈఏపీసెట్‌లో 160 మార్కులకు జీవశాస్త్రానికి 80, భౌతిక శాస్త్రానికి 40, రసాయన శాస్త్రానికి 40. అంటే ఫిజిక్స్ వాటా నీట్‌లో ఎంతో ఇక్కడా అంతే. ఫిజిక్స్ నుంచి పారిపోవడానికి వ్యవసాయం వైపు వస్తున్నావో, పురుగుల కోసం వస్తున్నావో నీ మనసుకు తెలియాలి. నీ ఉత్తరం చదివితే రెండోదే నిజమనిపించింది.

నాన్నగారికి చెప్పేటప్పుడు 'నాకు డాక్టరు చదువు వద్దు' అని మొదలుపెట్టకు. ఆ నోట్సు చేతిలో పెట్టు. తరువాత ఇద్దరూ కలిసి శ్రీకాకుళం దగ్గర నైరలోని వ్యవసాయ కళాశాలకు ఒక రోజు వెళ్లండి, పార్వతీపురంలో ఉద్యాన కళాశాల కూడా ఉంది. అక్కడి విద్యార్థులతో ఒక గంట మాట్లాడితే నాన్నగారి ప్రశ్నలు చాలావరకు తీరుతాయి. ఉద్యోగాల గురించి అడిగితే, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారులు, 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులు, విత్తన, ఎరువుల కంపెనీలు, ఎమ్మెస్సీ తరువాత పరిశోధన ఉన్నాయని చెప్పు. ఈఏపీసెట్ రాంకుకు సీటు రాకపోతే బోటనీ లేక జువాలజీ ప్రధాన విషయంగా డిగ్రీలో చేరి కూడా కీటక శాస్త్రం వైపు వెళ్లవచ్చు. 'కాలేక వెళ్లాడు' అనే నలుగురు నాలుగు రోజులు అంటారు. వాళ్ల ఇళ్ల జీడితోటలకు పురుగు పట్టిన నాడు నిన్నే పిలుస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లో మోటార్లు, మిక్సీలు విప్పి బాగుచేస్తుంటాడు. పదిలో 600కు 482 వచ్చాయి. పాలిసెట్ కూడా రాశాడు. పాలిటెక్నిక్ అంటే తక్కువ చదువని బంధువులు అంటున్నారు. ట్రిపుల్ ఐటీకి ప్రయత్నించాలా?
— ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, ఎచ్చెర్ల దగ్గరున్న ట్రిపుల్ ఐటీలో ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు గనుక దరఖాస్తు చేయండి, కాని దాని మీదే ఆశ పెట్టుకోకండి. అక్కడ రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువూ నాలుగేళ్ల బీటెక్కూ కలిపి ఆరేళ్లు ఉంటాయి, మొదటి రెండేళ్లలో పుస్తకం పనే ఎక్కువ. మీ అబ్బాయి చేత్తో విప్పి నేర్చుకునే పిల్లవాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లేక మెకానికల్ డిప్లొమా మూడేళ్లలో అవుతుంది, వర్క్‌షాపూ ల్యాబూ మొదటి ఏడాదే వస్తాయి. ఆ తరువాత డిప్లొమా వారి కోసం పెట్టే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు, అంటే ఇంజనీరింగు దారి ఎక్కడా మూసుకుపోదు. ఈ నెలంతా మీ ఊరి జీడి ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే మెకానిక్ ఎవరైనా ఒప్పుకుంటే వాడిని వెంట పంపండి. మోటారు విప్పడమే కాకుండా అది ఎందుకు కాలిపోయిందో వైండింగు బొమ్మ గీసి మీకు వివరించగలిగితే ఎలక్ట్రికల్ బ్రాంచి అడగమనండి, గేర్లూ బేరింగులూ పట్టుకుని వదలకపోతే మెకానికల్ అడగమనండి.