సూపర్‌వైజర్లను తయారుచేయడం గురించి తమ్ముడి కూతురికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

శ్రీసిటీలో మీ ఫ్యాక్టరీవాళ్లు కొత్త సూపర్‌వైజర్ల శిక్షణ బాధ్యత నీకు అప్పగించారని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన ప్రణాళిక రెండుసార్లు చదివాను. తిరుపతి హోటల్లో రెండు రోజులు, చెన్నై నుంచి ఒక వక్త, చివర్లో సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో. అమ్మా, ఆ డబ్బు అలా ఖర్చుపెట్టకు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను.

రేణిగుంట దగ్గర ప్లాస్టిక్ వస్తువులు పోతపోసే ఫ్యాక్టరీలో నేను ప్రొడక్షన్ చూసే రోజుల్లో ఒక ఆపరేటర్ ఉండేవాడు. చప్పుడు వింటే చాలు, మిషన్‌కు ఏమైందో చెప్పేవాడు. అతణ్ణి నేనే సూపర్‌వైజర్‌ను చేశాను. ఇలాంటి రెండు రోజుల శిక్షణకే పంపాను. నెల తిరగకముందే ఒక రాత్రి షిఫ్టుకు చెప్పకుండా వెళ్లి చూస్తే, మూడో నంబరు మిషన్ ఆగిపోయి ఉంది. దాని కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని అతను బోల్టులు విప్పుతున్నాడు. ఆరుగురు మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అవతల రెండు మిషన్లకు ముడిసరుకు అయిపోయి ఎర్ర దీపాలు వెలుగుతుంటే చూసే దిక్కు లేదు. తప్పు అతనిది కాదు. పని చేయడం వేరు, చేయించడం వేరు అని అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవాణ్ణి నేను.

తర్వాత పాత పద్ధతి ఒకటి పట్టుకున్నాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పడానికి పుట్టింది. యుద్ధం ముగిశాక జపాన్‌కు వెళ్లింది, టొయోటా దాన్ని సొంతం చేసుకుంది. నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయాలి, చేసి చూపించాలి, అతని చేత చేయించాలి, ఆ తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలి. అంతే. ఎదుటివాడికి పని రాలేదంటే నేర్పినవాడు నేర్పనట్టే అని అందులో చెబుతారు. మా సూపర్‌వైజర్‌కు ఒకటే నియమం పెట్టాను: రోజుకు ఒకరికి ఒక పని నేర్పాలి, తాను మాత్రం స్పానర్ ముట్టుకోకూడదు. షిఫ్టు దిగాక పావుగంట టీ తాగుతూ కూర్చునేవాళ్లం. ఈరోజు ఎవరికి ఏం నేర్పావు, ఎవరి మీద కేకలేశావు, ఎందుకు? ఆరు నెలలు పట్టింది. ఒక రాత్రి వెళ్లేసరికి మిషన్ కింద ఒక కుర్రవాడున్నాడు. ఇతను చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, "ఇప్పుడు ఏది విప్పాలో నువ్వే చెప్పు" అంటున్నాడు. ఆ రాత్రి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

పెద్ద కంపెనీలు చేసేదీ ఇదే. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ 1956లో అక్కడి క్రోటన్‌విల్‌లో తన మేనేజర్లకు శిక్షణ కేంద్రం పెట్టింది. దానికి పేరు తెచ్చినవి భవనాలు కావు. తర్వాతి కాలంలో కంపెనీ అధినేతగా ఉన్న జాక్ వెల్చ్ స్వయంగా తరగతికి వచ్చి, ఎదురు ప్రశ్నలకు జవాబులు చెప్పడం. అదే 1956లో టాటాలు మొదలుపెట్టిన టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్‌లో యువతను వేర్వేరు కంపెనీల్లో తిప్పి పని నేర్పిస్తారు. హిందుస్థాన్ లీవర్ అయితే తన మేనేజ్‌మెంట్ ట్రైనీలను ఉత్తరప్రదేశ్ ఎటా జిల్లా పల్లెల్లో ఉంచింది. అందుకే మీ ప్లాంటు పెద్దను ముందు ఒక్కటి అడుగు: వారానికి గంట వచ్చి ఈ పిల్లలతో కూర్చుంటారా? కుదరదంటే, ఆయన ఒప్పుకునేదాకా కార్యక్రమం మొదలుపెట్టకు.

మనిషి నేర్చుకునేది పనిలో డెబ్భై శాతం, మనుషుల వల్ల ఇరవై, తరగతిలో పది అని నువ్వు ప్రణాళికలో రాసిన లెక్క తక్కెడలో తూచింది కాదమ్మా. మీకు పాఠం నేర్పిన అనుభవాలేమిటని మేనేజర్లను అడిగి కట్టిన అంచనా. అలాగని తరగతిని పూర్తిగా తీసేయవద్దు. భద్రతా నిబంధనలు, హాజరు, ఓవర్‌టైం లెక్కలు కూర్చోబెట్టే చెప్పాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది సూపర్‌వైజర్లుగా నువ్వు ఎంచినవాళ్ల జాబితా. మీ లైన్లలో పనిచేసేది ఎక్కువగా సత్యవేడు, తడ, సూళ్లూరుపేట వైపు ఆడపిల్లలని నువ్వే చెప్పావు. జాబితాలో ఎనిమిదిమందీ మగవాళ్లే! ఒక వారం భోజనాల వేళ క్యాంటీన్‌లో కూర్చో. సెలవు చీటీ రాయాలన్నా, బస్సు తప్పినా, తమిళం తప్ప రాని కొత్త పిల్లకు పని అర్థం కాకపోయినా అందరూ ఎవరి దగ్గరికి వెళుతున్నారో చూడు. ఆ పేర్లు రాసుకో. వాళ్లలో ఒక అమ్మాయి రాత్రి షిఫ్టుకు రాలేకపోతుందని ముందే నువ్వు తీర్మానించకు. బస్సు ఇంటి దాకా వెళుతుందో లేదో కనుక్కుని, ఆమెనే అడుగు.

శిక్షణ ముగిశాక వక్త బాగా చెప్పాడా అని ఫారం నింపించి ఊరుకోకు. శిక్షణ ఫలించిందో లేదో తేల్చడానికి 1959లోనే అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ నాలుగు ప్రశ్నలు చూపించాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, నడవడి మారిందా, ఫలితం కనిపించిందా. మూడోదానికి జవాబు సూపర్‌వైజర్ కింద పనిచేసేవాళ్ల దగ్గరే దొరుకుతుంది. మూడు నెలలయ్యాక వాళ్లను అడుగు, పేర్లు రాయించకుండా.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రా. పెద్దమ్మ ఎదురుచూస్తోంది. హోటల్ కొటేషన్ తేవద్దు. కొత్త జాబితా, షిఫ్టుల వారీ హాజరు పట్టీ తీసుకురా. ఎవరిని ఏ లైనులో, ఎవరి చెంత పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న