గ్యారేజీ తలుపు తీసే ఉంచు

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వీడు ఇంట్లో రేసు కారు తయారు చేస్తాట్ట. చంటిపిల్లని పెట్టుకుని ఏంటీ వేషాలు? నువ్వు చెబితేనే వింటాడు" అంది. మానిపించమని దాని ఉద్దేశం. ఏ కారని అడిగితే, "ఏదో లోటస్ ఇరవై మూడనే పాత రేసు కారుకి నకలట, దానికి సరైన తలుపులు కూడా ఉండవట" అంటూ ఏడుపు మొదలెట్టింది. ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారాక నీ ఇల్లు గుర్తొచ్చింది. గ్యారేజీ పైనే కదా మీ పడగ్గది! అప్పట్నుంచి భయంతో నిద్ర పట్టడం లేదు. అందుకే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పడేయకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

మానెయ్యమని మాత్రం అనను. ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా ఆదివారాలన్నీ వేరేవాళ్ళ కార్ల కిందే గడిచాయి. సొంతంగా ఒకటి మొదలెడదామంటే డబ్బున్నప్పుడు ధైర్యం లేదు, ధైర్యం వచ్చేసరికి నడుం లేదు. ఇక్కడ విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళ చేతులు చూస్తే, ఇలాంటి కారు వీళ్ళకి ఒక లెక్కా అనిపిస్తుంది. కట్టి ఏం లాభం? మన దేశంలో ఇంట్లో చేసిన కారుకి నంబరు తెచ్చుకోవడం దాదాపు అయ్యే పని కాదు. మీ బ్రిటన్‌లో చట్టమే దారి చూపిస్తోంది. ఆ అదృష్టాన్ని తక్కువగా చూడకు.

మంచి కారే ఎంచుకున్నావు. 1962లో లోటస్ కంపెనీ పెట్టిన కొలిన్ ఛాప్‌మన్ ఈ 23ని తెచ్చినప్పుడు అందులో ఉన్నదల్లా స్టీలు గొట్టాలతో అల్లిన ఛాసిస్, పైన ఫైబర్ తొడుగు, సీటు వెనక చిన్న ఇంజన్. బరువు అర టన్ను కూడా లేదు. ఆ ఏడాది మే నెలలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ వెయ్యి కిలోమీటర్ల రేసులో ఒకటిన్నర లీటరు ఇంజన్‌తో, తడి రోడ్డు మీద, జిమ్ క్లార్క్ మొదటి ల్యాప్ పూర్తయ్యేసరికే పెద్ద పెద్ద పోర్షేలు, ఫెరారీలన్నిటికన్నా కనీసం 27 సెకన్లు ముందున్నాడు. ఇది నువ్వు చదివే ఉంటావు. ఆ రేసు అతనికి ఎలా ముగిసిందో చదివావా? ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మరుసటి నెలలో అదే మోడల్ కారుని ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసుకి తీసుకెళ్తే తనిఖీలోనే ఆపేశారు. ముందు చక్రాలకి నాలుగు బిగింపు స్టడ్లు, వెనక చక్రాలకి ఆరు. ఒక్క స్టెప్నీ రెంటికీ ఎలా సరిపోతుందన్నారు. లోటస్ వాళ్ళు హడావుడిగా వెనక కూడా నాలుగు స్టడ్ల హబ్బులు తెప్పించి బిగిస్తే, "ఆరు అవసరమైన చోట నాలుగు పెడితే అది ప్రమాదం" అని మళ్ళీ కాదన్నారు. ఛాప్‌మన్ ఇంక ఆ రేసు ముఖం చూడనని ఒట్టేసుకున్నాడు. ఆయనకి చెల్లింది. నీకు చెల్లదు. ఇంట్లో చేసిన కారుని రోడ్డెక్కనిచ్చే ముందు చేసే ఐవీఏ పరీక్షలో ఇన్‌స్పెక్టర్ ఏదన్నా తప్పంటే, సరేనండీ అని రాసుకుని ఇంటికొచ్చి బాగుచెయ్యి. మీ నాన్నలా వాదనకి దిగకు.

ఆ పరీక్ష గురించి ఎక్కువ రాయను, నిబంధనల పుస్తకం నువ్వే దింపుకుని చదువుకో. మా రోజుల్లో 1998 దాకా అలాంటిదేమీ లేదు, తర్వాత ఎస్‌వీఏ అనే పరీక్ష వచ్చింది, 2009 నుంచి ఐవీఏ. చాలామంది ఇంజన్‌తోనో బ్రేకులతోనో తప్పరు, అంచులతో తప్పుతారు. బయట చెయ్యి తగిలే ప్రతి అంచూ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు. పొగ పరీక్ష ఇంజన్ వయసుని బట్టి ఉంటుంది కాబట్టి, ఇంజన్ ఏ సంవత్సరానిదో రుజువు చేసే కాగితం దానితోపాటే అడిగి తీసుకో. ప్రతి దశలో ఫొటో తియ్యి. ప్రతి రసీదూ దాచు. ఏ పార్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేకపోతే పుట్టుపూర్వోత్తరాలు తేలని బండికిచ్చే క్యూ నంబరు ప్లేటు అంటగడతారు, అమ్మేటప్పుడు ధర పడిపోతుంది.

కారు కింద దూరేటప్పుడు జాక్‌ని నమ్మకు, స్టాండ్లు పెట్టు. లోపల నైలాన్ రింగుండే నైలాక్ నట్టు ఒకసారి విప్పితే పారేసి కొత్తది వెయ్యి. బిగించిన ప్రతి బోల్టు మీదా రంగు చుక్క పెట్టు. ఫైబర్ రాకేటప్పుడు మాస్క్ తీయకు. 2021 నుంచి అక్కడ బంకుల్లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది అయింది, పాతకాలం రబ్బరు గొట్టాలని అది తినేస్తుంది, కాబట్టి ఎవడో చవకగా ఇస్తున్నాడని పాత పెట్రోలు పైపులు వాడకు. బాడీ చివర్న కొను. అందరూ ముందు బాడీ కొని, దాన్ని ఛాసిస్ మీద పెట్టుకుని, అందులో కూర్చుని, నోటితో ఇంజన్ శబ్దం చేసుకుని, అక్కడితో ఆగిపోతారు. నవ్వకు, నేను కళ్ళారా చూశాను.

ఇంకోటి. ముక్కు మీద లోటస్ బిళ్ళ అంటించకు. అసలు 23లు సుమారు 130 తయారయ్యాయి, వాటి ధర ఇప్పుడు మనలాంటివాళ్ళు అడగాల్సింది కాదు. నకలుకి అసలు బిళ్ళ పెట్టి, మనిషి మారి మనిషి చేతిలో పడేసరికి అసలుదని అమ్మేసిన కథలు ఆ లోకంలో చాలా ఉన్నాయి. నీ కారు నువ్వు చేసిన కారు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు అసలు సంగతి. కుర్చీ లాక్కుని కూర్చుని చదువు. అమ్మాయిని కూడా పిలువు.

ఎనభైల్లో మా వీధికి రెండు వీధుల అవతల ఒక పంజాబీ మిత్రుడు ఉండేవాడు. టూల్‌రూమ్‌లో పనిచేసేవాడు. చేతిలో అంత నేర్పున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. లోటస్ ఎలెవన్ నకలు ఒకటి తయారు చేస్తున్నాడు. ఫోర్డ్ ఇంజన్, దాని మీద పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే వెబర్ కార్బరేటర్లు రెండు. ఆ వెబర్లు ఎంత ముద్దుగా ఉంటాయో అంత మొండివి. నాలుగు గొట్టాల్లోకీ గాలి సమానంగా వెళ్ళేలా చూడాలంటే ఇంజన్ వేడెక్కాలి, ఐడిలింగ్‌లో నడుస్తూనే ఉండాలి. ఒక స్క్రూ పావు తిప్పు తిప్పి, చెవి పెట్టి విని, మళ్ళీ ఇంకో స్క్రూ. గంటలు గంటలు పడుతుంది.

జనవరి నెల. బయట మంచు. పక్కింటావిడ అంతకుముందే రెండుసార్లు శబ్దం గురించి గొడవపడింది. దాంతో వీడు ఏం చేశాడంటే, గ్యారేజీ తలుపు దించేసి, కింద సందులోంచి చలిగాలి రాకుండా పాత తివాచీ ఒకటి చుట్టి అడ్డం పెట్టాడు. సైలెన్సర్ అయినా పూర్తిగా బిగించాడా అంటే లేదు, ఎలాగూ రేపు విప్పాలి కదా అని.

నేను షిఫ్టు దిగి అటే వెళ్ళాను, సాయం చేస్తానని మాటిచ్చాను. వీధిలోకే ఇంజన్ శబ్దం వినిపిస్తోంది, సరిగ్గా కుదరకుండా తడబడుతూ. తలుపు కొట్టాను. పలకలేదు. శబ్దంలో వినపడలేదేమో అనుకుని ఇంటివైపు నుంచి వెళ్ళాను. వాళ్ళావిడ వంటింట్లో రొట్టెలు చేస్తోంది. "సాయంత్రం నుంచీ తలనొప్పంటున్నారు భాయ్‌సాబ్, మాత్ర వేసుకుని, చాయ్ తాగి మళ్ళీ వెళ్ళారు. బాబు కూడా రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, స్కూల్లో ఏం తిన్నాడో" అంది. బాబు పైన గదిలో పడుకున్నాడు. ఆ గది గ్యారేజీ మీదే ఉంది.

లోపలి తలుపు తీశాను. వాడు వెనక చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తున్నాయి, కానీ నేనెవరో తెలియడం లేదు. ఇంజన్ ఆపి, పెద్ద తలుపు ఎత్తి, చంకల కింద చేతులేసి వాణ్ణి మంచులోకి ఈడ్చాను. వాళ్ళావిడ బాబుని ఎత్తుకొచ్చింది. ఆంబులెన్స్ వచ్చేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఆ మాట్లాడకపోవడం.

ఇద్దరూ బతికారు. రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. పిల్లాడు వారంలో మామూలయ్యాడు. వాళ్ళ నాన్నకి మాత్రం చాలాకాలం పనిముట్ల పేర్లు నోటికొచ్చేవి కావు. మైక్రోమీటర్‌ని చేత్తో పట్టుకుని, దాన్ని ఏమంటారో గుర్తురాక నావైపు చూసేవాడు. అంతటి పనివాడు. ఆ కారు అలాగే అసంపూర్తిగా ఎవరికో అమ్మేశారు.

వాడికి ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ గురించి తెలియక కాదు. నీకూ తెలుసు, ఇంజనీరువి. రంగుండదు, వాసనుండదు, రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అంతకు రెండొందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. కానీ అది చేసే మొదటి పని ఏంటో తెలుసా? తెలిసినదాన్ని మర్చిపోయేలా చేస్తుంది. తలనొప్పి వస్తే జలుబనుకుంటావు. వికారమైతే తిన్నది పడలేదనుకుంటావు. లేచి వెళ్ళి తలుపు తియ్యాలన్న ఆలోచనే రాదు.

ఇప్పుడు క్లార్క్ సంగతి. ఆ రోజు నూర్‌బర్గ్‌రింగ్‌లో అతని కారు ఎగ్జాస్టు విరిగి, ఆ పొగ అతని సీటు దగ్గరికే చేరింది. మత్తులోకి వెళ్ళిపోయి, కారు అదుపు తప్పి రోడ్డు దిగిపోయింది. అది పైకప్పు కూడా లేని కారు, చుట్టూ అడవి గాలి. నడిపేది ఆ తరంలోనే గొప్ప డ్రైవరు. నువ్వు నకలు తీస్తున్నది సరిగ్గా ఆ కారుకే. నీ గ్యారేజీకి నాలుగు గోడలూ, పైన ఉయ్యాలా ఉన్నాయి.

కాబట్టి నేను చెప్పేది విను. ఇంజన్ స్టార్ట్ చెయ్యాలంటే కారుని బయటికి తోసుకెళ్ళు. ఒక్క నిమిషానికైనా సరే. తలుపు సగం ఎత్తితే చాలదు, పూర్తిగా ఎత్తినా గాలి లోపలికి కొడితే చాలదు. వాన పడుతుంటే ఆ రోజుకి మానుకో. పక్కింటివాళ్ళు గొడవ చేస్తారనుకుంటే శనివారం మధ్యాహ్నం పెట్టుకో, ముందు వెళ్ళి చెప్పు, ఓ డబ్బా స్వీట్లు పట్టుకెళ్ళు. మోనాక్సైడ్ అలారాలు రెండు కొను, ఒకటి మీ పడగ్గదిలో, ఒకటి కింద హాల్లో. డబ్బా మీద ఈఎన్ 50291 అనే ప్రమాణం నంబరు ఉందో లేదో చూసి మరీ కొను. గ్యారేజీ లోంచి ఇంట్లోకి వచ్చే తలుపు చుట్టూ సందులు మూయించు. కారులో ఇంజన్‌కీ సీటుకీ మధ్య అడ్డురేకులో వైర్లకోసం చేసిన ప్రతి కన్నానికీ గ్రోమెట్, అదే రబ్బరు రింగు, వెయ్యి. ఇంజన్‌కి ఎగ్జాస్టు గొట్టం కలిసే మానిఫోల్డు నట్లు మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించి చూడు. కొత్త కాలం ఇంజన్, పొగని శుభ్రం చేసే క్యాటలిస్ట్ ఉంది మామయ్యా అంటావేమో. చల్లగా ఉన్నప్పుడు క్యాటలిస్ట్ పనిచెయ్యదు. సమాధానం ముందే చెప్పేశాను.

అలారాలు బిగించాక ఫొటో పంపు. అది రాకుండా ఇంజన్ కొన్నావని తెలిస్తే మీ అమ్మ పక్షం చేరిపోతాను, జాగ్రత్త.

కోప్పడ్డాననుకోకు. నువ్వు ఐదేళ్ళప్పుడు తెనాలిలో మీ తాతయ్య ఆయిల్ ఇంజన్ విప్పుతుంటే పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో బోల్టూ వరసగా పేర్చేవాడివి. ఒక్కటి తగ్గినా ఆయన నిన్నే అడిగేవాడు. నువ్వు జేబులోంచి తీసి ఇచ్చేవాడివి, దొంగవెధవా. ఆ చేతులు పాడుకాకూడదని నా బాధ.

డబ్బు సంగతి మీ ఇద్దరూ కూర్చుని ఒక అంకె అనుకోండి. అది దాటితే ఆగి, అమ్మాయిని అడిగి ముందుకెళ్ళు, చెప్పకుండా కార్డు గీకకు. వారంలో ఒక రోజు గ్యారేజీకి తాళం వేసి తాళంచెవి ఆవిడకి ఇచ్చెయ్యి. అరవైల్లో ఛాప్‌మన్ కిట్‌గా కార్లు అమ్మింది పన్ను తప్పించుకునే తెలివితో. నువ్వు చేస్తున్నది సరదాతో. సరదా పని ఆలస్యమైతే ఎవరి సొమ్మూ పోదు. పరీక్షకి తేదీ ముందే తీసుకుని, దానికోసం రాత్రుళ్ళు మేలుకోకు.

పాపకి ముద్దులు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతానంటోంది, ఎవరైనా వస్తుంటే చెప్పు.

మీ మామయ్య

తా.క. గేర్‌బాక్స్ సంగతి అడగడం మర్చిపోయాను. చాలామంది పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుది తెచ్చి పెడతారు. బీటిల్‌లో ఇంజన్ వెనక ఇరుసుకి వెనక ఉంటుంది, నీ కారులో ముందుంటుంది. ఆ పెట్టెని వెనక్కి తిప్పి బిగించేటప్పుడు లోపల క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని కూడా రెండో పక్కకి మార్చాలి. మార్చకపోతే రివర్సుకి నాలుగు గేర్లు, ముందుకెళ్ళడానికి ఒకటి మిగులుతాయి. మాకు తెలిసిన ఒకాయన అలాగే ఠీవిగా మొదటి గేరు వేసి సొంత గోడనే గుద్దాడు. కొని ఉంటే ఫొటో పంపు. కొనకపోతే నాతో మాట్లాడేదాకా ఆగు.