ఆపరేషన్ ఖర్చు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా మామయ్యగారికి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. ఆయన పేరున 3 లక్షల పాలసీ ఉంది. బిల్లు 2,70,000 అయింది. పాలసీ మొత్తంలోపే ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. తీరా బీమా కంపెనీ 1,75,000 మాత్రమే ఇచ్చింది. మిగతాది మేమే కట్టాం. ఇప్పుడు అత్తయ్యగారికి మోకాలి మార్పిడి చేయించాలంటున్నారు. మళ్లీ ఇలాగే అవుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు పంపిన బిల్లు, పాలసీ కాగితాలు చూశాం. తేడా వచ్చింది గది దగ్గర. మీ పాలసీలో గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే 3,000 దాటకూడదని ఉంది. మీరు తీసుకున్న గది 6,000. రోజుకు 3,000 చొప్పున 5 రోజులకు 15,000 మన చేతి నుంచి పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క అలా ఉండదు. అర్హత ఉన్న గదికి రెట్టింపు అద్దె గదిలో ఉంటే, గదితో ముడిపడిన ఇతర ఛార్జీల్లోనూ సగమే ఇస్తారు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, డాక్టర్ విజిట్లు అన్నీ దీని కిందికే వస్తాయి.

మీ బిల్లులో గది 30,000. ఇచ్చింది 15,000. సర్జన్, థియేటర్, నర్సింగ్ వగైరా 1,40,000. ఇచ్చింది 70,000. ఇంప్లాంట్ (ఒంట్లో అమర్చే పరికరం), మందులు, పరీక్షలకు ఈ కోత వర్తించదు, కాబట్టి 90,000 పూర్తిగా ఇచ్చారు. గ్లౌజులు, డైపర్లు, ఫైలు ఛార్జీల లాంటి 10,000 పాలసీ పరిధిలోనే లేవు. అన్నీ కలిపితే మీ మీద పడింది 95,000. అదే 3,000 గదిలో ఉండి ఉంటే దాదాపు ఆ 10,000తో పోయేది. పైగా చాలా ఆసుపత్రుల్లో గది స్థాయి పెరిగిన కొద్దీ సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది. అదే డాక్టరు, అదే థియేటర్, రేటు మాత్రం వేరు.

రెండు విషయాలు మాత్రం ఒకసారి సరిచూడండి. ఐసీయూ ఛార్జీలకు ఈ దామాషా కోత పెట్టకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలోనూ పెట్టకూడదు. ఈ రెంటిలో ఏదైనా మీ బిల్లుకు వర్తిస్తే, ఆసుపత్రి నుంచి ఒక లేఖ తీసుకుని క్లెయిమ్‌ను మళ్లీ పరిశీలించమని అడగవచ్చు.

ఇక అత్తయ్యగారి సంగతి. మొదట చూడాల్సింది వెయిటింగ్ పీరియడ్. మామయ్యగారిది ప్రమాదం కాబట్టి అది అడ్డు రాలేదు. మోకాలి మార్పిడి, శుక్లాలు, హెర్నియా లాంటి వాటికి చాలా పాలసీల్లో 2 ఏళ్లో 3 ఏళ్లో ఆగాలి. అది దాటకముందు ఆపరేషన్ చేయిస్తే ఒక్క రూపాయి కూడా రాదు. ఆమెకు నాలుగైదు నెలలే మిగిలి ఉంటే, నొప్పి ఓర్చుకోగలిగితే, డాక్టరుతో మాట్లాడి ఆపరేషన్ వాయిదా వేసుకోవడం మంచిది. ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. అలాగే పాలసీలో కో-పే ఉందేమో చూడండి. పెద్దల పాలసీల్లో 20 శాతం మీరే కట్టాలన్న షరతు తరచుగా ఉంటుంది.

ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి, నోటిమాట వద్దు. 'ప్యాకేజీ ఎంత?' అని అడిగి ఊరుకుంటే తర్వాత ఖర్చు తడిసి మోపెడవుతుంది. 'ప్యాకేజీలో ఏమేమి లేవు?' అని అడగండి. సాధారణంగా బయట ఉండేవి ఇవి: అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఐసీయూలో ఉంటే ఆ ఛార్జీ, రక్తం, షుగర్ డాక్టరో గుండె డాక్టరో వచ్చి చూస్తే వాళ్ల ఫీజు, ఖరీదైన రకం ఇంప్లాంట్ ఎంచుకుంటే ఆ తేడా, ఆపరేషన్ తర్వాతి ఫిజియోథెరపీ. ఒక మోకాలికా, రెండింటికా అన్నది కూడా ఎస్టిమేట్‌లో రాయించండి.

మోకాలి ఇంప్లాంట్ల ధరలపై 2017 ఆగస్టులో మందులు, వైద్య పరికరాల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ పరిమితి పెట్టింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720. ఇప్పటి పరిమితి ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బిల్లులో ఇంప్లాంట్ పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర విడిగా ఉండాలి. ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్లు కేస్ షీట్‌లో అంటిస్తారు. వాటి నకలు అడిగి తీసుకోండి. క్లెయిమ్‌కీ కావాలి, పదేళ్ల తర్వాత ఆ కీలు మళ్లీ మార్చాల్సి వస్తే సర్జన్‌కీ కావాలి.

ప్రశ్న: నాన్నకి గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేయాలన్నారు. తెల్లకార్డు ఉంది. ఆసుపత్రివాళ్లు 'ముందు లక్షన్నర కట్టండి, కార్డు మీద వచ్చాక తిరిగిస్తాం' అన్నారు. కట్టేశాం. ఇప్పుడు రాదంటున్నారు.
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: తెల్లకార్డు మీద వైద్యం అందించే ఆరోగ్యశ్రీ నగదు చెల్లింపు లేని పథకం. మీరు కట్టి, బిల్లు పెట్టి, తిరిగి తెచ్చుకునే పద్ధతి అందులో లేదు. అందుకే 'ముందు కట్టండి' అన్న మాట వినగానే ఆగాలి. ఆ ఆసుపత్రి పథకంలో ఉందా, ఉంటే గుండె విభాగానికి కూడా ఉందా? ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. ఒక ఆసుపత్రి కిడ్నీ చికిత్సలకు జాబితాలో ఉండి, గుండె చికిత్సలకు లేకపోవచ్చు.

జాబితాలో ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగి) కౌంటర్ ఉంటుంది. కార్డు, ఆధార్ తీసుకుని అడ్మిషన్ కౌంటర్ కంటే ముందు అక్కడికి వెళ్లాలి. ఆరోగ్యమిత్ర పేరు నమోదు చేస్తారు. డాక్టరు పరీక్షలు చేసి, యాంజియోగ్రామ్ లాంటి ఆధారాలతో ముందస్తు అనుమతి (ప్రీ ఆథరైజేషన్)‌కి పంపుతారు. పథకాన్ని నడిపే ట్రస్టు అనుమతి వచ్చాక ఆపరేషన్. గుండెపోటు లాంటి అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది. కాబట్టి 'అనుమతికి టైం పడుతుంది, ఈలోపు కట్టండి' అన్నది సరైన కారణం కాదు. అనుమతి వచ్చిన చికిత్సలో పరీక్షలు, మందులు, భోజనం కలిసే ఉంటాయి. వీటికి విడిగా డబ్బు అడిగితే రసీదు అడగండి, అక్కడినుంచే 104కి ఫోన్ చేయండి.

మీ విషయంలో చేయగలిగింది ఇది. ఆసుపత్రి గుండె విభాగానికి జాబితాలో ఉండి, మీ కార్డు చూపించినా డబ్బు కట్టించుకుని ఉంటే, రసీదులు, డిశ్చార్జి సమ్మరీ జతచేసి ట్రస్టుకూ, జిల్లా కోఆర్డినేటర్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జాబితాలో లేకపోతే ఆ దారి లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధే మిగులుతుంది. దాని గురించి కింద చెప్పాం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రెండు చోట్లా అన్ని ఆపరేషన్లూ ఉండవు. చికిత్సల జాబితా ఉంటుంది, అందులో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే చేయించుకోవాలి. మీ ఆపరేషన్ ఏ కోవలోకి వస్తుందో ఆరోగ్యమిత్ర నిమిషంలో చెప్పగలరు.

ప్రశ్న: తమ్ముడి ఆపరేషన్‌కి 3 లక్షలు దాటింది. ముఖ్యమంత్రి సహాయ నిధి (సీఎంఆర్ఎఫ్)‌కి పెట్టుకుంటే మొత్తం వస్తుందా? ఏమేం కావాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొత్తం రాదు. బిల్లులో కొంత భాగం సాయంగా ఇస్తారు, అది ప్రభుత్వ విచక్షణ. అప్పు తీర్చడానికి దీని మీదే లెక్క వేసుకోవద్దు.

కావాల్సినవి: ఆసుపత్రి సంతకం, ముద్ర ఉన్న అసలు ఫైనల్ బిల్లు, డిశ్చార్జి సమ్మరీ, రోగి ఆధార్, ఆహార భద్రత కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మీ ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫారసు లేఖ. తెలంగాణలో 2024 జులై నుంచి దరఖాస్తులు ఆన్‌లైన్‌లో తీసుకుంటున్నారు. ఎమ్మెల్యే కార్యాలయంలోనే అప్‌లోడ్ చేస్తారు. దరఖాస్తు నంబరు అడిగి రాసుకోండి.

ఎక్కడ ఆగిపోతాయంటే, అడ్వాన్సు రసీదులు పెట్టి ఫైనల్ బిల్లు పెట్టనప్పుడు; ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బ్యాంకులో మరో స్పెల్లింగ్ ఉన్నప్పుడు; ఖాతా చాలాకాలం వాడక నిలిచిపోయినప్పుడు. బీమా కంపెనీకి అసలు బిల్లులు ఇచ్చేసి ఇక్కడ జిరాక్సులు పెట్టినా తిరిగొస్తుంది. ఒకే బిల్లును రెండు చోట్ల చూపించడం కుదరదు. నకిలీ బిల్లులతో ఈ నిధులు కాజేసిన వ్యవహారంలో 2024లో తెలంగాణ సీఐడీ ఆసుపత్రుల మీద కేసులు పెట్టింది. బిల్లుల పరిశీలన అందుకే కఠినంగా ఉంటుంది. 'పది శాతం ఇస్తే పని చేసిపెడతా' అనే మధ్యవర్తిని దగ్గరికి రానివ్వకండి. దరఖాస్తుకు రుసుము లేదు.

అసలు మేలైన దారి ఆపరేషన్‌కి ముందే ఉంది. నిమ్స్ లాంటి ఆసుపత్రిలో చేరేవాళ్లు అక్కడి ఎస్టిమేట్ తీసుకుని ఎమ్మెల్యే ద్వారా ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న హామీ పత్రం) అడగవచ్చు. మంజూరైతే ఆ మొత్తానికి ఆసుపత్రి పేరునే పత్రం వస్తుంది. రోగి అప్పు చేయాల్సిన పని అంతమేర తగ్గుతుంది. డిశ్చార్జి అయ్యాక ఎల్‌ఓసీ ఇవ్వరు.

ప్రశ్న: అమ్మకి 73 ఏళ్లు. నేను ఉద్యోగిని కాబట్టి తెల్లకార్డు లేదు. ఆయుష్మాన్ ఆమెకి వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వర్తిస్తుంది. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షలు. ఇంట్లో 70 నిండినవాళ్లు ఇద్దరుంటే అది ఇద్దరికీ కలిపి. వయసుకు ఆధారే ప్రమాణం, కాబట్టి అందులో పుట్టిన సంవత్సరం తప్పుంటే ముందు సరిచేయించండి. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) లాంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేసుకోవచ్చు. 14555కి ఫోన్ చేసినా చెబుతారు. జబ్బు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే చేయించండి. మీరు వెళ్లే ఆసుపత్రి ఈ కార్డు తీసుకుంటుందో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: ఆపరేషన్‌కి 2 లక్షలు తక్కువ పడింది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నూటికి రెండు రూపాయలంటే 2 లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000. అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టండి. వడ్డీ ఇందులో సగానికి అటూఇటూగా ఉంటుంది. తాకట్టు పెట్టడం నామోషీ అని రెండు రూపాయల వడ్డీకి పోయి, చివరికి ఆ బంగారమే అమ్ముకున్న ఇళ్లు ఎన్నో. పీఎఫ్ ఉంటే అనారోగ్యం కారణంగా అడ్వాన్సు తీసుకోవచ్చు. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు)‌కి ఆధార్, బ్యాంకు ఖాతా అనుసంధానమై ఉండాలి. పేర్లు కలవకపోతే తిరస్కరిస్తారు. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతుంటే, ముందు ఈఎస్ఐ ఆసుపత్రి నుంచి రెఫరల్ ప్రయత్నించండి. అసలు అప్పే అవసరం పడకపోవచ్చు.

గుండె ఆపరేషన్ అయితే, అది అత్యవసరం కాకపోతే, మీకు దగ్గర్లోనే పుట్టపర్తి ఉంది. 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి.

డబ్బు ఎక్కడినుంచి తెచ్చినా ఆసుపత్రికి నగదుగా కట్టకండి. ఒక చికిత్సకు 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం ఆసుపత్రికి నేరుగా జరిమానా తెచ్చే పని. బ్యాంకు ద్వారా కడితే మీకూ ఆధారం ఉంటుంది. 60 నిండిన తల్లిదండ్రులకు బీమా లేకపోతే, పాత పన్ను విధానంలో వాళ్ల వైద్యం ఖర్చు 50,000 దాకా పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు. నగదుగా కట్టినదానికి ఆ వీలు లేదు.

ప్రశ్న: 'బీపీ ఉన్న సంగతి దాచారు' అని బీమా కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. పాలసీ తీసుకుని ఆరేళ్లయింది. ఒక్క ఏడాదీ మానలేదు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వదలకండి. విరామం లేకుండా 60 నెలలు పాలసీ నడిచాక, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. కావాలని మోసం చేశారని వాళ్లు రుజువు చేస్తే తప్ప. మధ్యలో పాలసీ మొత్తం పెంచి ఉంటే, పెంచిన భాగానికి 60 నెలలు అప్పటినుంచి లెక్క. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈ నిబంధన ప్రస్తావిస్తూ రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా వివాదాలు తీర్చే అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. రెండు రాష్ట్రాలకూ అదే కార్యాలయం. 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు ఫిర్యాదు చేరాలి. తిరస్కరణ లేఖ, అన్నేళ్ల రెన్యువల్ రసీదులు, మొదట నింపిన ప్రపోజల్ ఫారం నకలు జతచేయండి. ఫారం మీ దగ్గర లేకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు నింపిన ఫారంలో మీరు చెప్పింది రాశారో లేదో అందులోనే తేలుతుంది.