టెక్ సందేహాలు: చక్రాల ఇంట్లో నెట్ నిలబడాలంటే

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. వచ్చే నెల కారవాన్ అద్దెకు తీసుకుని 12 రోజులు సకలేశపుర, చిక్కమగళూరు, ఆగుంబె మీదుగా గోకర్ణ దాకా వెళ్తున్నాం. సెలవు పెట్టడం లేదు. రోజూ పొద్దున 11కి ఒక కాల్, రాత్రి 8:30కి అమెరికా టీమ్‌తో ఇంకొకటి. ఇద్దరి ఫోన్లలోనూ జియోనే. సిమ్ వేసుకునే రూటర్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాం. కొనమంటారా? (మారతహళ్ళి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రూటర్ సంగతి తర్వాత. ముందు మీ ఇద్దరిలో ఒకరు వేరే కంపెనీ సిమ్ తీసుకోండి. ఇద్దరికీ ఒకటే నెట్‌వర్క్ ఉంటే ఒకరికి పోయినచోట రెండోవారికీ పోతుంది, రూటర్ కొన్నా అదే టవర్ కదా! జియో ఉంది కాబట్టి ఎయిర్‌టెల్ ఒకటి తీసుకోండి. మలెనాడు (పశ్చిమ కనుమల కొండ ప్రాంతం) వైపు వెళ్తున్నారు కాబట్టి మూడోదిగా బీఎస్‌ఎన్‌ఎల్ కూడా వేసుకోండి. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబర్ 27న అధికారికంగా మొదలైంది. బెంగళూరులో దాని అవసరం మీకు కనిపించకపోవచ్చు, అడవి పక్క ఊళ్ళో కనిపిస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ప్రైవేటు కంపెనీలు చాలాచోట్ల ఒకే టవర్ స్తంభం మీద సర్దుకుంటాయి. వానాకాలంలో కరెంటు పోయి ఆ టవర్ బ్యాటరీ అయిపోతే రెండు సిమ్‌లూ ఒకేసారి చచ్చిపోతాయి. మూడోది వేరే స్తంభం మీద ఉండే అవకాశం ఎక్కువ.

కొత్త సిమ్‌ని బయల్దేరడానికి కనీసం వారం ముందే యాక్టివేట్ చేయించండి. ఉన్న సిమ్‌ని ఈసిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) మార్చుకుంటే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, బ్యాంకు ఓటీపీలు రావు. ఆ పని ప్రయాణం రోజు పెట్టుకోకండి. బ్యాంకుకు లింకైన సిమ్‌ని రూటర్‌లో వేయకండి. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ రూటర్ అడ్మిన్ పేజీలోకి వెళ్ళి వెతుక్కోవాల్సి వస్తుంది, కొన్ని రూటర్లలో ఆ సౌకర్యమే ఉండదు.

ఇక అసలు కష్టం వ్యాన్ బాడీ. అది ఇనుప రేకుల పెట్టె. వంటింట్లో స్టీలు డబ్బాలో ఫోన్ పెట్టి మూత బిగించి, కాసేపాగి తీసి చూడండి, సిగ్నల్ ఎంత పడిపోయిందో తెలుస్తుంది. వ్యాన్‌లో కిటికీలు ఉంటాయి కాబట్టి అంత ఘోరం కాదు. కానీ అద్దాలకి లోహపు పూత ఉన్న సన్ ఫిల్మ్ అంటించి ఉంటే ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. అందుకే మంచం పక్కన ఫోన్ పెట్టుకుని హాట్‌స్పాట్ ఆన్ చేయకండి. ఫిల్మ్ లేని అద్దానికి ఆనించి పెట్టి, అక్కణ్ణుంచి లాప్‌టాప్‌కి కేబుల్ లాగి యూఎస్‌బీ టెథరింగ్ వాడండి. వైఫై హాట్‌స్పాట్ కన్నా ఫోన్ తక్కువ వేడెక్కుతుంది, చార్జింగూ అవుతుంది. హాట్‌స్పాటే కావాలంటే 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. 2.4 మీద బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా పనిచేస్తుంది కాబట్టి రెండూ కొట్టుకుని మాట తెగుతుంది. వ్యాన్‌లో మీ దూరం రెండు మీటర్లే, 5 సరిపోతుంది. ఎండలో డాష్‌బోర్డు మీద మాత్రం ఫోన్ పెట్టకండి. వేడెక్కగానే చార్జింగ్ ఆపేస్తుంది, వేగమూ తగ్గించుకుంటుంది.

వ్యాన్ ఎక్కడ ఆపాలో సిగ్నల్ గీతలు చూసి నిర్ణయించకండి. ఆండ్రాయిడ్ డయలర్‌లో *#*#4636#*#* కొడితే ఫోన్ సమాచారంలో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో వస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. కొన్ని ఫోన్లలో మొదటి కోడ్ పనిచేయదు, అప్పుడు సెల్ సమాచారం చూపే యాప్ ఏదైనా వేసుకోండి. 4జీలో మైనస్ 95 లేదా అంతకంటే మెరుగ్గా (మైనస్ 90, 85 అలా) ఉంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 105 దగ్గర వీడియో ఆపి మాట్లాడుకోవచ్చు. మైనస్ 115 దాటితే మెసేజ్‌లకే పరిమితం. బలం బాగుండి కూడా నెట్ కదలకపోతే అది రద్దీ. శని, ఆదివారాల్లో సకలేశపుర హోమ్‌స్టేలన్నీ నిండినప్పుడు జరిగేది ఇదే. అప్పుడు వ్యాన్‌ని అటూ ఇటూ జరిపి లాభం లేదు, రెండో సిమ్‌కి మారాలి. స్పీడ్ టెస్ట్ మాటిమాటికీ చేయకండి, ఒక్కోదానికి పదుల ఎంబీలు పోతాయి.

సిగ్నల్ అంచున ఉన్నచోట ఫోన్‌ని 5జీ నుంచి 4జీకి దించండి. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ మెనూలో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ అని ఉంటుంది. 5జీ చాలావరకు నడిచేది 3300 మెగాహెర్ట్జ్ పైన. అంత పై తరంగాలు గోడల్ని, చెట్లని అంత సులువుగా దాటలేవు. ఫోన్ 5జీ పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడంలో కాల్ తడబడుతుంది. 850, 900 మెగాహెర్ట్జ్ వంటి కింది తరంగాలు దూరం వెళ్తాయి. కొండల్లో మిమ్మల్ని కాపాడేవి అవే.

ఘాట్‌లో వ్యాన్ కదులుతుండగా కాల్ వద్దు. ప్రతి మలుపుకీ ఫోన్ టవర్ మారుతుంది, ఆఫీసు వీపీఎన్ తెగి మళ్ళీ అతుక్కునేలోపు మీటింగ్ అయిపోతుంది. షిరాడి ఘాట్ దిగేది ఉంటే 11 కాల్ సకలేశపురలోనే ముగించి కదలండి. ఆగుంబెలో రాత్రి బస ఉన్నా, 8:30 కాల్ ముందే తీర్థహళ్ళి వంటి కాస్త పెద్ద ఊళ్ళో తీసుకుని తర్వాత వెళ్ళడం మేలు. ఎక్కడ ఎవరి సిగ్నల్ ఉందో ముందే చూసుకోవాలంటే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో కంపెనీలన్నీ తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాయి. అవి కాస్త ఆశావాదంతో గీసినవే అనుకోండి. రంగు లేదని చూపినచోట మాత్రం నిజంగానే లేదని నమ్మవచ్చు. ఫోన్‌లో డేటా రోమింగ్ ఆన్‌లో ఉంచండి. ప్రభుత్వ నిధులతో కట్టిన కొన్ని పల్లె టవర్లను వేరే కంపెనీ సిమ్‌లూ వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. అలాంటిచోట ఫోన్‌కి అది రోమింగ్‌గా కనిపించవచ్చు.

12 రోజులకి రూటర్ వద్దు. ఆ డబ్బుతో రెండు సిమ్‌లూ, మంచి కేబులూ, ఒక పవర్ బ్యాంకూ వస్తాయి.

ప్రశ్న: పాత ట్రావెలర్ వ్యాన్ కొని క్యాంపర్‌గా మార్పిస్తున్నాను. సిమ్ రూటర్ పెట్టి, పైకప్పు మీద బిగించే యాంటెనా ఆన్‌లైన్‌లో కొన్నాను. రెండు సమస్యలు. యాంటెనా తగిలించాక సిగ్నల్ పెరగకపోగా తగ్గింది. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడల్లా రూటర్ ఆఫ్ అయి మళ్ళీ ఆన్ అవుతోంది. (కేఆర్ పురం)

జవాబు: మొదటిదానికి ముందు కనెక్టర్ చూడండి. ఎస్‌ఎమ్‌ఏ, ఆర్‌పీ-ఎస్‌ఎమ్‌ఏ అని రెండు రకాలున్నాయి. సిమ్ రూటర్లలో మొబైల్ యాంటెనాకి సాధారణంగా ఎస్‌ఎమ్‌ఏ ఉంటుంది, వైఫై యాంటెనాలకి ఆర్‌పీ రకం. మరలు ఒకటే కాబట్టి రెండూ చక్కగా బిగుసుకుంటాయి. కానీ మధ్యలో పిన్ను ఉండాల్సినచోట రెండు వైపులా బొక్కలే ఉంటే లోపల ఏదీ తగలదు. విప్పి చూడండి. రూటర్ వైపు మర బయటికి ఉండి మధ్యలో చిన్న రంధ్రం కనిపించాలి, కేబుల్ వైపు మర లోపలికి ఉండి మధ్యలో సన్నటి పిన్ను నిలబడి ఉండాలి. కేబుల్ వైపు పిన్ను లేకపోతే దొరికిందన్నమాట దొంగ. వేళ్ళతోనే బిగించండి, స్పానర్ పెట్టి తిప్పితే పిన్ను వంగుతుంది.

కనెక్టర్ సరిగ్గానే ఉంటే తప్పు కేబుల్‌ది. యాంటెనాతో వచ్చే సన్నటి కేబుల్ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి అర డెసిబెల్ (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) నుంచి ఒక డెసిబెల్ దాకా తినేస్తుంది. ఐదు మీటర్లు లాగితే యాంటెనా తెచ్చిన లాభం కేబుల్‌కే సరి. మూడు డెసిబెల్స్ పోవడం అంటే సగం శక్తి పోయినట్టు. రూటర్‌ని యాంటెనా కిందే, పైకప్పు అలమరలో పెట్టి కేబుల్‌ని రెండు మీటర్లలోపు ముగించండి. అంతకంటే పొడవు తప్పదంటే ఎల్‌ఎమ్‌ఆర్-400 తరహా లావు కేబుల్ వాడాలి, దాన్ని వంచడం మాత్రం నరకం. రూటర్‌కి యాంటెనా రంధ్రాలు రెండుంటే రెండింటికీ తగిలించండి, ఒకటి ఖాళీగా వదిలితే వేగం దెబ్బ తింటుంది. అయస్కాంతం యాంటెనా అయితే ఉక్కు రేకుకే అంటుకుంటుంది. మీ పైకప్పు ఫైబర్ అయితే మరలతో బిగించాలి, కొన్ని యాంటెనాలకి కింద లోహపు పళ్ళెం కూడా కావాలి.

పైకప్పుకి రంధ్రం చేశాక కేబుల్‌కి రబ్బరు గ్లాండ్ వేసి, చుట్టూ సిలికాన్ కాకుండా వాహనాలకి వాడే పాలీయురేథేన్ సీలెంట్ పూయండి. కేబుల్ రంధ్రంలోకి దిగేముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

రెండో సమస్య వోల్టేజ్ది. ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీ తీగలో 14.4 వోల్టుల దాకా ఉంటుంది, స్టార్టర్ తిప్పిన క్షణం 10కి, పాత బ్యాటరీ అయితే అంతకంటే కిందికీ పడుతుంది. 12 వోల్టుల రూటర్‌కి రెండూ నచ్చవు. 9 నుంచి 36 వోల్టులు తీసుకుని స్థిరంగా 12 వోల్టులు ఇచ్చే డీసీ కన్వర్టర్ (పడినప్పుడు పెంచే రకం, తగ్గించేది ఒక్కటే చాలదు) 3 యాంప్‌లది వేయండి. బ్యాటరీ ప్లస్ దగ్గరే 3 యాంప్ ఫ్యూజ్ పెట్టండి. వీలైతే స్టార్టర్ బ్యాటరీ నుంచి కాక, వ్యాన్ లోపలి లైట్లు, సామాన్లకి వేరుగా పెట్టే బ్యాటరీ నుంచి తీసుకోండి. ఇన్వర్టర్ ఆన్ చేసి అడాప్టర్‌తో నడిపితే రూటర్ తినే 8–10 వాట్లకి ఇన్వర్టర్ తనకోసం ఇంకో 10–15 మింగుతుంది. నేరుగా డీసీ మీద 10 వాట్ల రూటర్ రోజంతా నడిస్తే 240 వాట్-అవర్లు. 100 యాంప్-అవర్ల లిథియం బ్యాటరీలో ఐదో వంతు లోపే.

ఇంకో మాట. విదేశీ సైట్ల నుంచి రూటర్ తెప్పించుకుంటే మన బ్యాండ్లు (ఇక్కడి టవర్లు వాడే తరంగాల వరసలు, వాటికి నంబర్లుంటాయి) ఉన్నాయో లేదో చూడండి. ఇక్కడ 3, 5, 8, 40 ముఖ్యం, బీఎస్‌ఎన్‌ఎల్‌కి 1, 28 కూడా. కొన్ని అమెరికా మోడళ్ళలో 40 ఉండదు.

ప్రశ్న: మా బంధువులు అమెరికా నుంచి వస్తూ ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్, సిగ్నల్ బూస్టర్ తెస్తామంటున్నారు. కారవాన్‌కి పనికొస్తాయా? (వైట్‌ఫీల్డ్)

జవాబు: రెండూ వద్దనండి. స్టార్‌లింక్‌కి ఇక్కడ టెలికాం లైసెన్సు 2025 జూన్‌లో వచ్చింది. ఆ లైసెన్సు కంపెనీకి. బయటి దేశపు డిష్ తెచ్చి ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చని కాదు. అనుమతి లేని ఉపగ్రహ పరికరాలూ శాటిలైట్ ఫోన్లూ మన దేశంలో చట్టవిరుద్ధం. పైగా కారవాన్‌లో పెద్ద డిష్ 75–100 వాట్లు లాగుతుంది. కొడగు, మలెనాడు చెట్ల కింద ఆపారంటే దానికి ఆకాశమే కనపడదు.

అనుమతి లేని బూస్టర్ పెట్టుకోవడమూ నేరమే. సరదాకి పెట్టిన రూలు కాదది. బయటి యాంటెనా, లోపలి యాంటెనా దగ్గరగా ఉంటే మైకు ముందు స్పీకర్ పెట్టినట్టు తిరుగు శబ్దం పుట్టి, ఆ చప్పుడు టవర్‌కి చేరి చుట్టుపక్కలవాళ్ళ సిగ్నల్‌నీ చెడగొడుతుంది. వ్యాన్‌లో వాటి మధ్య దూరం రెండు మీటర్లే, గోల తప్పదు. రూటర్‌కి తగిలించే మామూలు యాంటెనా వేరు, అందులో యాంప్లిఫయర్ ఉండదు, దానికి ఈ ఇబ్బంది లేదు.

ప్రశ్న: రోజుకి 2 జీబీ ప్లాన్. వ్యాన్‌లో ఉన్నప్పుడు పొద్దున పదింటికే అయిపోతోంది. ఇంట్లో అంత ఎప్పుడూ వాడం. (బీటీఎం లేఅవుట్)

జవాబు: ఇంట్లోనూ అంతే వాడతారు, ఫైబర్ కాబట్టి తెలియదు. వ్యాన్‌లో రూటర్‌గానీ హాట్‌స్పాట్‌గానీ మీ మిగతా ఫోన్లకి మామూలు వైఫైలాగే కనిపిస్తుంది. వైఫై దొరికిందని రాత్రంతా ఫోటోలు బ్యాకప్ చేస్తాయి, లాప్‌టాప్ అప్‌డేట్లు దించుకుంటుంది. విండోస్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ (లెక్కపెట్టి వాడాల్సిన నెట్ అని చెప్పడం) ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో వైఫై వివరాల్లో నెట్‌వర్క్ యూసేజ్‌ని మీటర్డ్‌గా మార్చండి, ఐఫోన్‌లో లో డేటా మోడ్. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ పూర్తిగా ఆపేయండి. లెక్క తెలుసుకుని ఉండండి: 1 ఎంబీపీఎస్ వేగంతో గంట నడిస్తే 450 ఎంబీ. వీడియో కాల్ రానూపోనూ 2 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి 900. కాబట్టి రెండు మీటింగులకే మీ 2 జీబీ దగ్గర పడుతుంది. మీరు కెమెరా ఆపేస్తే అప్‌లోడ్ తగ్గుతుంది, కాల్ కూడా నిలకడగా ఉంటుంది. రోజు కోటా దాటాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడుతుంది, దాని మీద వాట్సాప్ మెసేజ్ తప్ప ఏదీ రాదు. ప్రయాణానికి రోజు కోటా ప్లాన్ కాక, మొత్తం డేటా ఒకేసారి ఇచ్చే ప్లాన్ గానీ విడిగా డేటా ప్యాక్ గానీ వేసుకోండి.

ప్రశ్న: ఆపిన వ్యాన్‌లో కెమెరా పెట్టాను. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపుని కెమెరాకి మళ్ళించే సెట్టింగ్) చేశా, అయినా బయటి నుంచి కనిపించడం లేదు. (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: మీ సెట్టింగ్ తప్పు కాదు. మొబైల్ నెట్‌లో మీకంటూ ఒక సొంత ఐపీవీ4 చిరునామా (బయటివాళ్ళు మీ రూటర్‌ని చేరే నంబరు) సాధారణంగా ఉండదు, ఒక్కదాన్ని ఎందరో పంచుకుంటారు. బయటినుంచి వచ్చే పిలుపు మీ రూటర్ దాకా చేరదు. కంపెనీ సర్వర్ ద్వారా నడిచే యాప్ ఉన్న కెమెరా వాడండి. లేదా టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్ (వీపీఎన్) సాఫ్ట్‌వేర్ నడిపే రూటరో చిన్న కంప్యూటరో వ్యాన్‌లో పెట్టండి, అదే లోపలి నుంచి బయటికి దారి తెరుస్తుంది కాబట్టి పోర్టుల పని ఉండదు. కెమెరాని నిరంతరం వీడియో పంపకుండా, కదలిక కనిపించినప్పుడే పంపేలా పెట్టండి. పార్కింగ్ ముందు రోడ్డుంటే ఆ వైపు డిటెక్షన్ ఆపేయండి, లేకపోతే వెళ్ళే ప్రతి ఆటోకీ మీ ఫోన్ మోగుతుంది.