ఆఫీసు క్రిస్మస్ దావత్‌కు పోవాలా, వద్దా?

నవంబర్ సగం దాటిందంటే హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల నుంచి కొత్తగా ఇంగ్లండ్ వచ్చిన పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "అక్కా, ఆఫీసులో క్రిస్మస్ పార్టీ అట. మందు కూడా ఉంటదట. పోవాలా, వద్దా?" కొందరైతే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు: "నేను తాగను కదా, నాకక్కడ ఏం పని?"

పోవాలి. ఏడాదంతా మీరు మీ మేనేజర్‌తో మాట్లాడింది పని గురించే. మీ ఊరు ఎక్కడ, అమ్మానాన్న ఏం చేస్తారు, ఈ చలికి ఎలా తట్టుకుంటున్నారు అని వాళ్లు తీరిగ్గా అడిగే సందర్భం ఈ ఒక్క రాత్రే కావచ్చు. పక్క టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు ముందుగా గుర్తొచ్చేది నాలుగు మాటలు కలిసినవాళ్లే. కానీ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకుని వెళ్లండి. పబ్బులో జరిగినా, హోటల్లో జరిగినా, రాత్రి పదకొండు దాటినా అది ఆఫీసే. అక్కడ చేసినదానికి సోమవారం ఆఫీసులో జవాబు చెప్పుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లయితే ఆ తర్వాత వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు కూడా.

మన దగ్గర క్రిస్మస్ అంటే కాజీపేట ఫాతిమానగర్ చర్చి, ఇంటి మీద వెలిగే నక్షత్రం, అర్ధరాత్రి ప్రార్థన, పక్కింటివాళ్లు పంపే కేకు. ఇక్కడి ఆఫీసు పార్టీలో అవేవీ ఉండవు. అందుకే హిందూ, ముస్లిం పిల్లలు "మనం వెళ్లొచ్చా" అని తటపటాయించక్కర్లేదు. మన క్రైస్తవ పిల్లలు మాత్రం మొదటిసారి చూసి బాధపడతారు, ఇదేం క్రిస్మస్ అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. భక్తి కావాలంటే డిసెంబర్‌లో దాదాపు ప్రతి చర్చిలో క్రిస్మస్ పాటలు పాడే ప్రార్థన, క్యారల్ సర్వీస్ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. ఆఫీసువాళ్లది ఏడాది చివరి దావత్, అంతే.

పేర్లు నవంబర్‌లోనే అడుగుతారు. వస్తానని చెప్పి మానేయకండి. కంపెనీ ఏటా అందరికీ ఇచ్చే పార్టీకి మనిషికి 150 పౌండ్ల వరకు పన్ను ఉండదు. ఒక్క పౌండ్ దాటినా మొత్తం ఖర్చు మీద పన్ను లెక్క వస్తుంది. మొత్తం ఖర్చును వచ్చినవాళ్ల సంఖ్యతో భాగిస్తారు కాబట్టి, చెప్పి రానివాళ్ల వల్ల తలకు పడే ఖర్చు పెరుగుతుంది. హెచ్చార్ వాళ్లు అంత పట్టుగా పేర్లు రాసుకోవడానికి ఇదీ ఒక కారణం. ఎన్‌హెచ్‌ఎస్ అనే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరే మన డాక్టర్లు, నర్సులు ఇంకోటి తెలుసుకోవాలి. అక్కడ చాలా వార్డుల్లో ఎవరి భోజనం డబ్బు వాళ్లే కట్టుకుంటారు.

తిండి సంగతి చాలామంది పట్టించుకోరు, అక్కడికి వెళ్లాక ఇబ్బంది పడతారు. మెనూ ముందే పంపుతారు. ఏం తినరో, ఏది పడదో అప్పుడే రాసి పంపండి. "చికెన్ తింటాను కదా, ఏదో ఒకటి తినేస్తాలే" అనుకోకండి. క్రిస్మస్ విందుకు వండే టర్కీ కోడి పక్కన పెట్టే చిన్న సాసేజ్‌లు పందిమాంసంవి, వాటికి చుట్టేది కూడా పంది బేకనే. టర్కీ లోపల పెట్టే స్టఫింగ్‌లో కూడా చాలాసార్లు పందిమాంసం ఉంటుంది. రోస్ట్ చేసిన ఆలుగడ్డలు చూడటానికి శాకాహారమే, కానీ చాలాచోట్ల బాతు కొవ్వులోనో, గూస్ అనే పెద్దబాతు కొవ్వులోనో వేయిస్తారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ అంటే తీపి కాదు, పిండి, గుడ్లు, పాలు కలిపి ఓవెన్‌లో పొంగించేది, దాన్ని పాత పద్ధతిలో బీఫ్ కొవ్వుతో చేస్తారు. మిన్స్ పై అనే చిన్న తీపి వంటకంలో ఇప్పుడు మాంసం వేయరు, ఎండుద్రాక్ష, మసాలా, నారింజ తొక్క ఉంటాయి. అయితే పాతకాలం వంటకంలో స్యూయెట్ పడుతుంది, అంటే పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు. క్రిస్మస్ పుడ్డింగ్‌లోనూ అంతే, పైగా బ్రాందీ పోసి వెలిగిస్తారు. బీఫ్ ముట్టనివాళ్లు, హలాల్ చూసుకునేవాళ్లు, మందు చుక్క కూడా వద్దనుకునేవాళ్లు వెయిటర్‌ను అడగడానికి మొహమాటపడకండి. శాకాహారులకు సాధారణంగా నట్ రోస్ట్ పెడతారు, అంటే జీడిపప్పులాంటి గింజలు దంచి కాల్చింది. పల్లీలో, జీడిపప్పో పడనివాళ్లు అది కూడా అడిగి తినండి.

ఇంటి నుంచి వచ్చిన సకినాలు ఆఫీసు బల్ల మీద పెట్టాలని కొందరికి ముచ్చట. పెట్టండి, ఇష్టంగా తింటారు. కానీ నువ్వులున్నాయని చీటీ రాసి పెట్టండి. ఇక్కడి చట్టం తప్పక చెప్పాలనే పద్నాలుగు అలర్జీ పదార్థాల్లో నువ్వులు ఒకటి.

ఇక మందు. తాగనివాళ్లు "నేను తాగను" అంటే చాలు, గుడికి పోయొచ్చాననో, మాత్రలు వాడుతున్నాననో కథలు చెప్పనక్కర్లేదు. లైమ్ సోడా, జ్యూస్, ఆల్కహాల్ లేని బీరు అన్ని బార్లలో ఉంటాయి. గ్లాసు చేతిలో ఉంటే ఎవరూ అడగరు కూడా. కంపెనీ ఇచ్చిన డబ్బు అయిపోయాక ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు. మీరు జ్యూసే తాగినా మీ వంతు వచ్చినప్పుడు లేవండి, దాన్ని మంచి మర్యాదగా గుర్తుపెట్టుకుంటారు.

తాగేవాళ్లకు చెప్పేది వేరే. ఇక్కడి పింట్ 568 మిల్లీలీటర్లు. వైన్ గ్లాసు ఖాళీ కాకముందే ఎవరో ఒకరు నింపుతూ ఉంటారు కాబట్టి ఎంత తాగారో లెక్క తెలియదు. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి. కారు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. ఇంగ్లండ్‌లో ఆ హద్దు 80, స్కాట్లండ్‌లో 2014 నుంచి 50. "ఇక్కడ ఎక్కువే కదా, ఒక పింట్‌కు ఏం కాదు" అని లెక్క వేసుకునే పిల్లలను చూస్తే నాకు భయమేస్తుంది. దొరికితే కనీసం 12 నెలలు లైసెన్స్ పోతుంది, జైలు కూడా పడొచ్చు. ఆ నేరం వీసా పొడిగింపు ఫారంలో, పౌరసత్వం ఫారంలో చెప్పుకోవాల్సి వస్తుంది. రాత్రి బాగా తాగినవాళ్లు పొద్దున స్టీరింగ్ పట్టినా దొరకొచ్చు.

వెర్రి వేషాల గురించి మీరు విన్నవి నిజమే. ఫోటోకాపీ మెషిన్ మీద కూర్చుని వెనక భాగం కాపీ తీసేవాళ్లు ఉంటారు. అద్దం పగులుతుంది, కాగితం ట్రేలోనే మరిచిపోతారు. క్రిస్మస్‌కు వేలాడదీసే మిసిల్‌టో కొమ్మ కింద ముద్దు పెట్టుకోవడం ఇక్కడి పాత ఆచారం, ఆ సాకుతో ముద్దు అడిగేవాళ్లు ఉంటారు. ఏడాదంతా మింగిన కోపాన్ని రెండు గ్లాసుల తర్వాత డైరెక్టర్ ముందు కక్కేవాళ్లు, జీతం పెంచమని బార్ దగ్గరే పట్టుబట్టేవాళ్లు, పెళ్లయినవాళ్లతో మూలకు చేరేవాళ్లు, అందరినీ చూడొచ్చు. నవ్వొచ్చేవాటికి నవ్వండి. క్రాకర్ లాగండి (టపాసు కాదు, ఇద్దరు చెరో కొస పట్టి లాగే కాగితపు గొట్టం), అందులోని కాగితం కిరీటం పెట్టుకోండి, డ్యాన్స్ వస్తే వేయండి. బతుకమ్మ ఆడిన కాళ్లకు ఇక్కడి అడుగులు కష్టమేమీ కాదు. ముద్దులు, కొట్లాటలు, పై అధికారితో లెక్కలు తేల్చుకోవడం, వీటికి మాత్రం దూరంగా ఉండండి.

ఆట ఎక్కడిదాకా పోతుందో తెలియడానికి రెండు కేసులు చెప్తాను. 2011 డిసెంబర్‌లో నార్తాంప్టన్‌లోని ఒక చిన్న రిక్రూట్‌మెంట్ కంపెనీ క్రిస్మస్ పార్టీ అయ్యాక కొందరు హోటల్‌కు చేరి తాగుతూ కూర్చున్నారు. మాటలు పని మీదికి మళ్లాయి, మేనేజింగ్ డైరెక్టర్ ఒక ఉద్యోగిని కొట్టాడు, అతని మెదడు దెబ్బతింది. 2018లో అప్పీల్ కోర్టు కంపెనీదే బాధ్యత అంది. ఇంకొకటి కేంబ్రిడ్జిలోని పరిశోధన కేంద్రంలో 2012 క్రిస్మస్ పార్టీలో జరిగింది. డ్యాన్స్ చేసేచోట తాగిన మనిషి ఒకడు ఒక మహిళను ఎత్తబోయి పడేశాడు, ఆమె వెన్నుకు పెద్ద గాయమైంది. ఈ కేసులో సంస్థ బాధ్యత లేదని 2019లో హైకోర్టు తేల్చింది. కంపెనీ మీద పడుతుందో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు, దెబ్బ మాత్రం తగిలినవాళ్లు జీవితాంతం మోయాలి.

మన అబ్బాయిలకు విడిగా ఒక మాట చెప్పాలి, తమ్ముళ్లూ, తప్పుగా అనుకోవద్దు. ఇక్కడి ఆడపిల్ల మీతో నవ్వుతూ మాట్లాడుతుంది, డ్యాన్స్‌కు పిలుస్తుంది, వెళ్లేటప్పుడు కౌగిలించుకుంటుంది. అది ఆ రాత్రి అందరితోనూ చేసే పలకరింపు. దాన్ని పట్టుకుని మరునాడు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టడం, తనతోపాటు ట్యాక్సీ ఎక్కేస్తాననడం, నడుము మీద చెయ్యి వేయడం, ఇవన్నీ ఫిర్యాదు దాకా పోతాయి. ఉద్యోగం పోతే మీ వీసాకు పూచీ పడ్డ స్పాన్సర్ కంపెనీ పది పనిదినాల్లో హోమ్ ఆఫీసుకు చెప్పాలి. ఆ తర్వాత మామూలుగా మీ చేతిలో మిగిలేది 60 రోజులు. ఆలోగా కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. హన్మకొండలో అప్పు తెచ్చి పంపిన నాన్నకు ఆ ఫోన్ ఎలా చేస్తారు?

తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మూలకు చేరి తెలుగులో పక్కవాళ్ల బట్టల గురించి, ఒంటి గురించి మాట్లాడుకోవడం నాకు అసలు నచ్చదు. అర్థం కాదనుకుంటారు, ముఖాలు చూస్తే అందరికీ అర్థమవుతుంది. ఇంకా పెద్ద తప్పు ఫోన్‌తో జరుగుతుంది. తూలుతున్న మేడమ్ వీడియో తీసి కాలేజీ గ్రూపులో పెడతారు, అది ఇంకో నాలుగు గ్రూపులు తిరిగి అదే ఆఫీసుకు వస్తుంది. 2020 డిసెంబర్‌లో కోవిడ్ ఆంక్షలుండగా ప్రధాని కార్యాలయం ఉన్న డౌనింగ్ స్ట్రీట్‌లో జరిగిన పార్టీ గురించి సిబ్బంది జోకులేసుకున్న వీడియో దాదాపు ఏడాదికి బయటపడింది. అప్పటి ప్రభుత్వ కార్యాలయాల్లో జరిగిన ఇలాంటి వాటి మీద పోలీసులు చివరికి 126 జరిమానాలు వేశారు. అంత పెద్ద ఆఫీసులోనే వీడియో దాగలేదు. పార్టీలో ఫోన్ జేబులో ఉండనివ్వండి.

సీక్రెట్ శాంటా అని చీటీలు తీసి, వచ్చిన పేరుకు పేరు చెప్పకుండా కానుక ఇస్తారు. హద్దు సాధారణంగా ఐదో, పదో పౌండ్లు. సెంటు సీసాలు, లోదుస్తులు, బరువు తగ్గే పుస్తకాలు నవ్వు కోసం కూడా కొనకండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు పెంబర్తి ఇత్తడి చిన్న గంటలో, చేర్యాల బొమ్మలో నాలుగు తెచ్చి పెట్టుకోండి. నేను ఇచ్చినవాళ్లు ఇప్పటికీ బల్ల మీద పెట్టుకున్నారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. తప్పు మీకు జరిగితే? ఎవరో చెయ్యి వేశారు, లేదా మైకు పట్టుకుని మన యాసను వెక్కిరించారు. "పార్టీ కదా, తాగి ఉన్నారు, వదిలెయ్" అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. వినకండి. 2010 సమానత్వ చట్టం ప్రకారం జాతి మీద, ఆడ మగ తేడా మీద వేధింపు ఆఫీసు పార్టీలో జరిగినా వేధింపే. 2024 అక్టోబర్ 26 నుంచి లైంగిక వేధింపులు జరగకుండా ముందే తగిన చర్యలు తీసుకోవడం కంపెనీల విధి. ఆ రాత్రే ఏం జరిగింది, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు అన్నది రాసి మీకే మెయిల్ చేసుకోండి. తర్వాత మేనేజర్‌కో, హెచ్చార్‌కో రాతపూర్వకంగా ఇవ్వండి. సలహాకు ఏకాస్ అనే సంస్థ ఉంది, డబ్బు తీసుకోదు. ఒంటి మీద దాడి జరిగితే, గ్లాసులో ఏదో కలిపారని అనుమానం వస్తే ఇక్కడి అత్యవసర నంబర్ 999కు ఫోన్ చేయండి. ఫిర్యాదు చేస్తే వీసా పోతుందని భయపెట్టేవాళ్లుంటారు. ఫిర్యాదు చేసినందుకు హోమ్ ఆఫీసు వీసా తీసెయ్యదు. చేసినందుకు కంపెనీ కక్ష కడితే అది కూడా చట్టవిరుద్ధమే.

బయల్దేరే టైమ్ ముందే అనుకోండి. భోజనం, కాస్త డ్యాన్స్, నలుగురితో మాట, పది దాటేసరికి సెలవు తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. గొడవలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. క్రిస్మస్‌కు ముందు చివరి శుక్రవారం రాత్రి ట్యాక్సీ దొరకడం కష్టం, దొరికినా రేటు ఎక్కువుంటుంది. చివరి రైలు ఎన్నింటికో చూసి పెట్టుకోండి.

ఊళ్లో ఉన్న అమ్మలు కూడా నాకు ఫోన్ చేస్తారు, "రాత్రి పార్టీ అంటుంది బిడ్డ, పంపొచ్చా చెల్లే" అని. పంపండి అక్కా. ఇక్కడ రాత్రి పదకొండు అంటే మీకు తెల్లవారుజామున నాలుగున్నర. అరగంటకోసారి ఫోన్ చేస్తే పిల్ల అందరిముందు బయటకూ లోపలకూ తిరగాలి. ఇంటికి చేరాక మెసేజ్ పెట్టమని చెప్పండి, అంతవరకు లొకేషన్ తోటి స్నేహితురాలికి పంపితే చాలు. 25వ తేదీన మాత్రం తప్పకుండా ఫోన్ చేయండి. ఆ రోజు ఇక్కడ రైళ్లు నడవవు, పెద్ద దుకాణాలన్నీ మూసేస్తారు, కొత్తగా వచ్చిన పిల్లలు గదిలో ఒక్కరే ఉంటారు. మీకు మధ్యాహ్నం రెండున్నర అయితే ఇక్కడ ఉదయం తొమ్మిది, అప్పటికి లేచి ఉంటారు.