ఎదురింటి పరంజా

తణుకు,
జూన్ 9

చిరంజీవి సౌజన్యకు, ఆశీస్సులు.

ఇంగ్లండు నుంచి నువ్వు పంపిన వలసపిట్టల వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద వాలి పాఠకుడిలా చదివాను, రెండోసారి బల్ల ముందు ఎర్ర కలంతో. పాఠకుడికి నచ్చింది. ఎర్ర కలం పట్టుకున్నవాడికి మాత్రం నీతో పేచీ ఉంది. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. రాత్రి డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన రోజున చదవకు, నిద్రపోయి లేచాక చదువు.

ముందు పేరు సంగతి. తెలుగు పాఠకుడికి స్విఫ్ట్ అంటే మారుతి కారు. "మే మొదటి వారంలో స్విఫ్ట్‌లు ఆక్స్‌ఫర్డ్‌కి తిరిగి వచ్చాయి" అన్న నీ మొదటి వాక్యాన్ని మా తోడల్లుడికి చదివి వినిపించాను. "ఏం, మధ్యలో అమ్మడం మానేశారా?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. అలాగని 'శరవేగ విహంగం' వంటి మాటలు పుట్టించకు. అవి నిఘంటువులో పుట్టి అక్కడే పోతాయి. పేరు స్విఫ్ట్ అనే ఉంచు, అయితే పేరుకన్నా ముందు పిట్టను చూపించు. బరువు నలభై గ్రాములు, అంటే కోడిగుడ్డుకన్నా తక్కువ. రెక్కలు కొడవలిలా వంగి ఉంటాయి. ఒళ్లంతా మసి రంగు, గడ్డం కింద మాత్రం కాస్త తెలుపు. సాయంత్రం పూట నాలుగైదు కలిసి ఇళ్ల కప్పుల మీదుగా కీచుమని అరుస్తూ దూసుకుపోతాయి. ఇంత కంటబడ్డాక నువ్వు ఏ పేరు పెట్టినా పాఠకుడు ఒప్పుకుంటాడు.

రెండోది, పెద్ద తప్పు. "ప్రయాణానికి సిద్ధమై తీగల మీద బారులు తీరి కూర్చున్నాయి" అని రాశావు. స్విఫ్ట్ తీగ మీద కూర్చోదమ్మా. దాని కాలివేళ్లు నాలుగూ ముందుకే తిరిగి ఉంటాయి. గోడను పట్టుకుని వేలాడగలదు గానీ కొమ్మ మీదా తీగ మీదా నిలబడలేదు. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన 'ఏపస్' అన్న పేరుకు గ్రీకులో 'కాళ్లు లేనిది' అని అర్థం. నువ్వు తీగ మీద చూసినవి స్వాలోలు, మన వానకోవెలల జాతి. చూపుకు అవీ ఇవీ ఒకేలా కనిపిస్తాయి గానీ వాటికీ వీటికీ చుట్టరికం లేదు.

దెప్పిపొడవడానికి చెప్పడం లేదు. ముప్ఫై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో నేనూ ఇదే తప్పు రాశాను. అప్పుడు నేను రాసింది మన తాటితోపుల్లో తిరిగే చిన్న స్విఫ్ట్ గురించి. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు పోస్టుకార్డు రాశారు. "అయ్యా, తమరు చూసిన పిట్ట కూర్చుందా? కూర్చుని ఉంటే అది తమరు రాసిన పిట్ట కాదు." అంతే, కింద సంతకం. సిగ్గుపడి, కాలవగట్టు మీద చెట్లు గీసే ఆయన వెంటబడ్డాను. ఆయన పైనుంచి ఎండు తాటాకు ఒకటి కోసి, జాగ్రత్తగా దించి తెచ్చి తిరగేసి చూపించాడు. ఆకు మడతలో, లోపలి వైపు, చెంచా అంత గూడు. ఈకలు, దూదిపింజలు, ఉమ్మితో అతికించినవి. వాడి వదిలేసిన గూడే, ఖాళీది. "ఇవి చెట్టు మీద వాలగా నేనెప్పుడూ చూడలేదండీ, ఆకులోకి దూరడమే" అన్నాడు. ఇరవై ఏళ్లుగా రోజుకు రెండు పూటలా తాడిచెట్టెక్కే మనిషి అన్న ఆ ఒక్క మాట నా వ్యాసం మొత్తం కన్నా బరువైనది.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ వ్యాసంలో మూడు వంతులు ఆకాశమే. స్విఫ్ట్ గాలిలోనే తింటుంది, గాలిలోనే తాగుతుంది, గాలిలోనే నిద్రపోతుంది. కొన్ని పక్షులు గూడు కట్టని పది నెలలూ నేల తాకకుండా ఎగురుతూనే ఉన్నాయని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో వెల్లడించారు. ఇవన్నీ నిజాలే, నువ్వు చక్కగానే పోగుచేశావు. కానీ వరసగా గుచ్చేశావు. ఐదో వింత దగ్గరికి వచ్చేసరికి పాఠకుడికి ఆశ్చర్యపడే ఓపిక అయిపోతుంది. ఒకటి ఉంచు, మిగతావి తీసెయ్.

నేనైతే ఫ్రెంచి పైలట్‌ను ఉంచుతాను. మొదటి ప్రపంచయుద్ధం రోజులు. నిండు వెన్నెల. శత్రువుకు చప్పుడు వినపడకూడదని ఆయన ఇంజను ఆపేసి, చాలా ఎత్తు నుంచి మెల్లగా జారుతూ వస్తున్నాడు. దాదాపు పదివేల అడుగుల ఎత్తున, ఉన్నట్టుండి తన చుట్టూ పక్షులు. కదలిక లేనట్టే పరుచుకుని తేలుతున్నాయి. విమానం దగ్గరికి వచ్చినా వాటికి పట్టలేదు. అవి నిద్రలో ఉన్న స్విఫ్ట్‌లు. నీ దగ్గర ఈ సంగతి ఒకటిన్నర వాక్యంలో ఉంది. దీనికి ఒక పేజీ ఇవ్వు. చంపడానికో చావడానికో బయలుదేరిన మనిషి నిద్రపోతున్న పిట్టల మధ్య నుంచి దిగుతున్నాడు. ఇంజను మోత లేదు. దీనికి నువ్వు ఒక్క విశేషణం కూడా చేర్చనక్కర లేదు.

"ఇంటికి తిరిగి వచ్చాయి" అని ఆరుసార్లు రాశావు, లెక్కపెట్టాను. ఎవరి ఇల్లు? ఏప్రిల్ చివరలోనో మే మొదట్లోనో వస్తాయి, జులై దాటగానే వెళ్లిపోతాయి. ఏడాదిలో ఇంగ్లండులో ఉండేది మూడు నెలలు. మిగతా కాలమంతా కాంగో అడవుల మీద, ఇంకా కిందికి మొజాంబిక్ వైపు. చైనావాళ్లు బీజింగ్‌లోని వేసవి ప్రాసాదంలో గూళ్లు పెట్టే స్విఫ్ట్‌లను 2014లో పట్టుకుని, వీపున చిన్న పరికరాలు కట్టి వదిలితే, అవి మంగోలియా, ఇరాన్, అరేబియాల మీదుగా పోయి దక్షిణాఫ్రికా దాకా తేలాయి. అంటే ఆఫ్రికావాళ్లు కూడా "మా పిట్టలు పురిటికి వెళ్లాయి" అనవచ్చు. ఈ పోలిక నాకు తోచగానే నోరూరింది, దాచుకోను. పుట్టిన వైపుకే పురుడు పోసుకోవడానికి వస్తుంది, పుట్టింటికి వచ్చే ఆడపిల్లలాగే. కానీ నేను దాన్ని వాడను. వాడితే పాఠకుడికి కళ్లు చెమర్చి, ఆ చెమ్మలో పిట్ట మాయమైపోతుంది.

ఆ లెక్కన "నేనూ ఒక స్విఫ్ట్‌నే" అనే నీ పేరా గురించి నేను ఏమంటానో ఊహించే ఉంటావు. వీసా, విమానం, అమ్మ గుర్తుకు రావడం, అన్నీ నిజమైన బాధలే, వాటికి వేరే వ్యాసం రాయి. ఊరు వదిలిన ప్రతివాడూ వలసపక్షిననే అంటాడు. పిట్టకు పాస్‌పోర్టు దిగులు లేదు, నీకు వేలికొసల్లో రెండు ఖండాల దారి లేదు. ఎవరి బరువు వాళ్లను మోయనీ.

ఇప్పుడు నాలుగో పేరా తియ్యి. "మార్చిలో ఎదురింటికి పరంజా కట్టారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే సుత్తి దెబ్బలకు నిద్ర పట్టేది కాదు" అని ఉంది. తర్వాత పదో పేరా తియ్యి. "మే రెండో వారంలో ఒక సాయంత్రం ఒక స్విఫ్ట్ ఎదురింటి చూరు దగ్గరికి పదే పదే వచ్చి, గోడకు తగిలి వెనక్కి తిరిగింది. దానికి దారి తప్పిందేమో అనుకున్నాను."

అమ్మాయీ, దానికి దారి తప్పలేదు. వేల మైళ్లు సరిగ్గానే వచ్చింది. ఆ రెండు పేరాల మధ్య ఐదు పేరాలు అడ్డం ఉన్నాయి, అందుకే నీకు కనపడలేదు. ఆ ఐదూ తీసేస్తే నీ వ్యాసం అక్కడే దొరుకుతుంది.

స్విఫ్ట్ ఏటా అదే గోడకు, అదే కంతకు వస్తుంది. జంటలో రెండోది కూడా అక్కడికే వస్తుంది. పాత ఇళ్ల చూరు కింద, పెంకు జారిన చోట, ఇటుక ఊడిన సందులో గూడు. అందులోకి దూరడానికి దానికి ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్లకు లోపు ఎత్తు చాలు. అంటే రెండు వేళ్ల మందం. ఇంటివాళ్లు చలి లోపలికి రాకుండా, గ్యాసు బిల్లు పెరగకుండా చూరు బాగు చేయించుకుంటారు. తాపీమేస్త్రీ ఆ సందు కనబడగానే పూడ్చేస్తాడు, అది అతని పని. అక్కడి 1981 నాటి వన్యప్రాణి చట్టం గూడు వాడుకలో ఉన్నంతకాలం దాన్ని కాపాడుతుంది. పక్షి వెళ్లిపోయాక ఆ కంత ఎవరిదీ కాదు. మార్చిలో సిమెంటు పెడితే ఏ నేరమూ లేదు. ఈ కథలో దుర్మార్గుడు లేడు చూశావా? నీకు అది లోపంగా తోచవచ్చు. నాకైతే అందులోనే ప్రాణం ఉందనిపిస్తుంది.

అయినా నా మాట నమ్మి రాసేయకు. గూడు వెతుక్కునే కుర్ర స్విఫ్ట్‌లు కూడా ఖాళీ ఉందో లేదో చూడటానికి గోడలను తడుతూ తిరుగుతాయి. నువ్వు చూసింది వాటిలో ఒకటి కావచ్చు. తేల్చుకోవాలంటే వీధి దాటాలి. వెళ్లి తలుపు తట్టు. పాత చూరులో పిట్టలు ఉండేవా, ఎన్నేళ్ల నుంచి చూస్తున్నారు, పరంజా ఎక్కినవాళ్లకు ఈకలూ గడ్డీ ఏమైనా దొరికాయా అని అడుగు. నేరం మోపడానికి వచ్చినట్టు అడగకు, చిరునవ్వుతో అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకో, నీ భాషలో సరిదిద్దకు.

అంకెల గురించి ఒక మాట. 1995 తర్వాత పాతికేళ్లలో బ్రిటన్‌లో స్విఫ్ట్‌లు సగానికి పైగా తగ్గాయి, 2021లో వాటిని ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చారు. ఈ రెండూ చాలు, మిగతా శాతాలు కొట్టెయ్. కంతలు మూసుకుపోవడం ఒక కారణం, పురుగులు తగ్గిపోవడం ఇంకొకటి, వానలు ఎక్కువైన వేసవి మరొకటి. దేని వాటా ఎంతో శాస్త్రవేత్తలే ఇంకా తూకం వేస్తున్నారు కనుక నువ్వు ఒక్కదాని మీదికి నెట్టకు. చదివేవాడు ఆ దేశపు లెక్క మర్చిపోతాడు, మీ వీధి లెక్క గుర్తుంచుకుంటాడు. గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు రెండున్నర శతాబ్దాల కిందట సెల్‌బర్న్ అనే పల్లెలో కూర్చుని, మా ఊళ్లో ఎనిమిది జంటలు అని లెక్కపెట్టి రాసుకున్నాడు. ఇప్పటికీ జనం ఆ ఎనిమిది గురించే మాట్లాడుకుంటారు. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్ ఇంకో అడుగు వేశాడు. పన్నెండు స్విఫ్ట్‌లను పట్టుకుని, ఒక్కోదానికి రెండు గోళ్లు కత్తిరించి గుర్తు పెట్టి వదిలాడు. అవే పక్షులు మళ్లీ అదే చోట దొరికాయి. ఏడేళ్ల తర్వాత ఒక పిల్లి ఒకదాన్ని నోట కరుచుకుని ఇంట్లోకి తెచ్చింది, గోళ్లు చూస్తే ఆ గుర్తే. పిట్టకు కష్టమే గానీ ఎంత చక్కటి రుజువు!

నువ్వు ఉండే ఊళ్లోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని నీ వ్యాసంలో ముట్టుకోనే లేదు. అక్కడి విశ్వవిద్యాలయ ప్రకృతి శాస్త్ర మ్యూజియం గోపురంలో, గాలి రావడానికి వదిలిన కంతల వెనక గూటిపెట్టెలు అమర్చి, డేవిడ్ లాక్ అనే పక్షిశాస్త్రవేత్త 1940ల చివర్లో స్విఫ్ట్‌లను గమనించడం మొదలుపెట్టాడు. ఆ పని నేటికీ ఆగలేదు. సెలవు రోజున వెళ్లు. పిల్లలను చూసే వీలుంటే చూడు. వాటికి రెక్కలు వచ్చాక గూట్లోనే రెక్కలు నేలకు ఆనించి ఒళ్లు పైకి లేపుతాయి, దండీలు తీసే కుర్రాళ్లలా. ఒకసారి కంత దాటి దూకాక సాధన చేసే అవకాశం ఉండదు, మళ్లీ కాలు ఆనేది రెండు మూడేళ్లకే. తల్లిదండ్రులు తెచ్చే తిండి కూడా చూడు. వందలకొద్దీ పురుగులు గొంతులో ఒక ఉండగా చుట్టి తెస్తాయి. ఇవి రెండూ దగ్గరినుంచి చూసినదానిలా రాయి, చూసి రాయి.

వ్యాసానికి ముగింపుగా నువ్వు పెట్టిన "మనమంతా మేలుకోవాలి" అన్న చివరి పేరాను నేను ఎర్ర కలంతో కొట్టలేదు, కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేశాను. దాని బదులు ఆ ఇంటివాళ్లు చెప్పింది రాయి. గూటిపెట్టె ఒకటి చూరు కింద బిగిస్తారేమో కూడా అడుగు. ఒప్పుకుంటే ఒప్పుకున్నారని, తలుపు వేస్తే తలుపు వేశారని రాయి. జులై ఆఖరుకు ఆ పిట్టలు వెళ్లిపోతాయి. ఈలోగా వీధి దాటు.

మీ నాన్నగారు మొన్న కనిపించారు, ముంజెలు పంపారు, చాలా లేతగా ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు

తా.క.: రెండు వేళ్ల మందం అన్నది నా వేళ్లతో. వెళ్లేటప్పుడు స్కేలు తీసుకెళ్లు.